లాగితే ఊడకపోతే చాలదు: లావు కేబుల్‌కి హైడ్రాలిక్ క్రింపింగ్

(చేతిలో మాడిపోయిన లగ్గు. కెమెరా బాగా దగ్గరికి. వెనక రైస్ మిల్లు చప్పుడు.)

ముందు ఇది చూడండి. 240 స్క్వేర్ ఎంఎం కేబుల్ చివర తొడిగి, బోల్టుతో బిగించే అల్యూమినియం లగ్గు. మా గుణుపురం బజార్లో థింబుల్ అని అడిగినా ఇదే ఇస్తారు. ఒక పక్కంతా నల్లగా మాడింది. దీని మీద చుట్టిన టేపు కారి గడ్డకట్టింది. కేబుల్ ఇన్సులేషన్ పెళుసైపోయి వేలు పెడితే రాలిపోతోంది.

వంశధార ఒడ్డున ఒక రైస్ మిల్లు మెయిన్ ప్యానెల్లో, ఆర్, వై, బి అనే మూడు ఫేజుల్లో వై ఫేజు మీంచి తీశాను దీన్ని. క్రింప్ చేసింది, అంటే టూల్‌తో నొక్కి కేబుల్‌కి పట్టించింది, నేనే. ఆ రోజు పెట్టెలో 240 డై, అంటే ఆ సైజు లగ్గుని నొక్కే అచ్చు, కనిపించలేదు. 300 డై వేసి నొక్కేశాను. నొక్కాక రెండు చేతులతో పట్టుకుని లాగాను. మిల్లు మేస్త్రీ కూడా లాగి చూశాడు. కదల్లేదు. సరే అనుకుని ప్యానెల్ మూసేశాం.

నాలుగు నెలలు ఏమీ కాలేదు. ధాన్యం సీజను వచ్చింది, మిల్లు రాత్రీ పగలూ ఆడడం మొదలైంది. అప్పుడు ఒక సాయంత్రం ప్యానెల్లోంచి మాడు వాసన. గేటు బయట ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి, మిల్లు మాత్రం రెండు రోజులు ఆగింది. రైతులు బస్తాల మీదే తెల్లవార్లూ పడుకున్నారు. ఆ రెండు రాత్రులు నాకు ఇప్పటికీ గుర్తే. ఈ వీడియో చేస్తున్నది అందుకే.

(బల్ల మీద తెల్ల కాగితం. పెన్నుతో లెక్క రాస్తూ.)

నాలుగు నెలలు ఆగింది ఎందుకు, సీజన్లోనే కాలింది ఎందుకు? చిన్న లెక్క వేద్దాం. 240 అల్యూమినియం కేబుల్ కిలోమీటరు పొడవుకి నిరోధం 0.125 ఓమ్‌కి మించకూడదని ప్రమాణం. అంటే పది సెంటీమీటర్ల ముక్కకి 12.5 మైక్రో ఓమ్‌లు. లగ్గు సరిగ్గా కూర్చుంటే, ఆ జాయింటు కూడా దాదాపు అంత పొడవు కేబుల్ లాగానే ఉండాలి. 200 ఆంపియర్లు పారిందనుకోండి. కరెంటుని కరెంటుతో గుణించి, నిరోధంతో గుణిస్తే, అక్కడ పుట్టే వేడి అర వాటు. చేత్తో ముట్టుకున్నా తెలీదు.

అదే జాయింటు నిరోధం ఒక్క మిల్లీ ఓమ్ ఉందనుకోండి. మామూలు మల్టీమీటర్ పెడితే అదీ సున్నా లాగే కనిపిస్తుంది. వేడి మాత్రం 200 ఇంటూ 200 ఇంటూ 0.001, నలభై వాట్లు. మూసి ఉన్న ప్యానెల్లో ఒక సోల్డరింగ్ ఐరన్ ఆన్ చేసి వదిలేసి ఇంటికి వెళ్ళిపోయినట్టు.

సీజను కాని రోజుల్లో ఆ మిల్లు వంద ఆంపియర్లే లాగేది. అప్పుడు పది వాట్లు. లోడు రెండింతలైతే వేడి నాలుగింతలు. నాలుగు నెలలూ నా తప్పు లోపల అలాగే కూర్చుని ఉంది, లోడు పెరిగాక బయటపడింది.

(హెల్పరు కుర్రాడు పక్కన కూర్చుంటాడు.)

మా హెల్పరు కుర్రాడు నన్ను భాయినా, అంటే అన్నా, అని పిలుస్తాడు, ఇక్కడ ఒడియా, తెలుగు కలిసే నడుస్తాయి. వాడు అడిగిన ప్రశ్న చాలామందికి ఉంటుంది.

"భాయినా, లాగితే రాలేదంటే గట్టిగా పట్టుకున్నట్టే కదా? మరి ఎందుకు కాలింది?"

పట్టుకోవడం వేరు, కరెంటుకి దారి ఇవ్వడం వేరు నాన్నా. మీ ఇంట్లో తిరగలి ఉందా? పై రాయి కింది రాయి మీద కూర్చుంటుంది. చూడ్డానికి మొత్తం ఆనినట్టే ఉంటుంది. నిజంగా తాకేది గరుకు ముక్కలు ఉన్నచోట, అక్కడక్కడ మాత్రమే. లోహం మీద లోహం పెట్టినా అంతే. కరెంటు ఆ తాకిన చుక్కల్లోంచే వెళ్ళాలి.

అల్యూమినియానికి ఇంకో చిక్కు ఉంది. గాలి తగలగానే దాని మీద ఆక్సైడ్ పొర కడుతుంది. కాగిన పాల మీద మీగడ కట్టినట్టు. తీసేస్తే మళ్ళీ కడుతుంది, అదీ క్షణాల్లో. కంటికి కనిపించనంత పలచన, కానీ గట్టిది, కరెంటుని పోనివ్వదు. క్రింపింగ్ చేసే అసలు పని ఆ పొరని పగలగొట్టడం. తీగలూ, లగ్గు గోడా ఒకదాన్నొకటి రాసుకుని, ఆకారం మారి, శుభ్రమైన లోహం శుభ్రమైన లోహంలో కలిసిపోయేంత ఒత్తిడి కావాలి. 300 డైతో నేను పట్టు తెచ్చాను గానీ ఆ ఒత్తిడి తేలేదు. లోపల ఖాళీలు మిగిలాయి. వేడెక్కినప్పుడు సాగడం, చల్లారినప్పుడు ముడుచుకోవడం. ప్రతిసారీ కొంచెం వదులై, ఆ సందులోకి గాలి, తేమ దూరి, ఇంకొంచెం ఆక్సైడ్. నిరోధం పెరిగి ఇంకా వేడి. ఒకసారి ఈ చక్రం మొదలైతే దానంతట అది ఆగదు.

సుత్తి, ఉలితో లగ్గుని దంచేవాళ్ళని నేను ఇప్పటికీ చూస్తున్నాను. దంచితే లగ్గు ఒకచోట నొక్కుకుంటుంది, పక్కన ఉబ్బుతుంది, కింద తీగ తెగుతుంది. దయచేసి ఆ పని చెయ్యొద్దు. టూల్ లేకపోతే అద్దెకి తెచ్చుకోండి, లేదంటే పని ఒక రోజు వాయిదా వెయ్యండి.

(టూల్ తలని దగ్గరగా చూపిస్తూ. హ్యాండిల్ నెమ్మదిగా పంపు చేస్తూ.)

టూల్ గురించి పెద్దగా చెప్పను. లారీ కింద పెట్టే బాటిల్ జాకీ తెలుసు కదా, ఇదీ దాని తమ్ముడే. హ్యాండిల్ కింద చిన్న పిస్టన్, తలలో పెద్ద పిస్టన్, మధ్యలో నూనె. ఈ రకం టూళ్ళలో ఒత్తిడి 700 బార్ దాకా వెళ్తుంది, అంటే చదరపు సెంటీమీటరుకి ఏడు వందల కిలోల పైమాటే. పెద్ద పిస్టన్ వైశాల్యం పదిహేడు చదరపు సెంటీమీటర్లు ఉంటే డై మీద పడేది సుమారు పన్నెండు టన్నులు.

ఇక్కడ ఒక్కటి జాగ్రత్తగా వినండి. గొట్టం దగ్గరో సీలు దగ్గరో నూనె చిమ్ముతుంటే వేలు పెట్టి వెతక్కండి. అట్టముక్క పెట్టి చూడండి. అంత ఒత్తిడిలో నూనె సూదిలా చర్మంలోకి దూరిపోతుంది. బయటికి చిన్న చుక్క గాయం, నొప్పి కూడా మొదట్లో ఉండకపోవచ్చు. లోపల కండ పాడైపోతుంది. అలా జరిగితే కట్టు కట్టుకుని పనిలో పడొద్దు, వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళి, హైడ్రాలిక్ నూనె ఒత్తిడితో లోపలికి పోయిందని డాక్టరుకి స్పష్టంగా చెప్పండి.

నూనె తగ్గితే హైడ్రాలిక్ ఆయిలే పొయ్యండి. బ్రేక్ ఆయిల్ పోస్తే లోపలి రబ్బరు సీళ్ళు ఉబ్బి పాడవుతాయి.

(మిల్లు ఆవరణ. ట్రాన్స్‌ఫార్మర్, జనరేటర్ షెడ్డు.)

కేబుల్ ముట్టుకునే ముందు కరెంటు సంగతి. ఈ టూల్ కరెంటు ఉన్న లైను మీద వాడేది కాదు. మెయిన్ ఆఫ్ చేశాం, తాళం వేశాం, తాళంచెవి నా జేబులో ఉంది. మిల్లులో ఇంకో రెండు చోట్ల నుంచి దెబ్బ తగలొచ్చు. ఒకటి జనరేటర్. మీరు ఇక్కడ పని చేస్తుండగా ఎవరో లైటు కోసం స్టార్ట్ చేస్తారు, లైను నుంచి జనరేటర్‌కి మార్చే చేంజోవర్ స్విచ్ సరిగ్గా లేకపోతే కరెంటు తిరిగి ఇటే వస్తుంది. రెండోది కెపాసిటర్ ప్యానెల్. ఆఫ్ చేశాక కూడా అందులో ఛార్జి ఉంటుంది. అందుకని టెస్టర్‌ని ముందు కరెంటు ఉన్నచోట పెట్టి పనిచేస్తోందో లేదో చూసి, తర్వాత ఇక్కడ మూడు ఫేజులూ, న్యూట్రలూ చూసి, మళ్ళీ ఉన్నచోట పెట్టి చూస్తున్నాను. ఒక్క నిమిషం పని.

(బల్ల మీద కేబుల్ ముక్క, లగ్గులు, డైలు.)

ఇప్పుడు అసలు పని. కేబుల్, లగ్గు, డై, ఈ మూడూ ఒకదానికొకటి సరిపోవాలి. కేబుల్ లోపల విడివిడిగా ఇన్సులేషన్ ఉన్న ఒక్కో తీగల కట్టని కోర్ అంటాం. మూడున్నర కోర్ 240 కేబుల్ అంటే ఫేజులు మూడూ 240, న్యూట్రల్ 120. న్యూట్రల్‌కి వేరే లగ్గు, వేరే డై. హడావుడిలో దానికి కూడా 240 లగ్గే వేసి, ఖాళీలో తీగ ముక్కలు కుక్కేవాళ్ళు ఉన్నారు. అదీ తప్పే. లగ్గు చిన్నదైందని కేబుల్ తీగలు నాలుగు కోసేయడం అంతకన్నా పెద్ద తప్పు. కోసినంత మేర ఆ కేబుల్ 240 కాదు.

డై మీద 240 అని రాసి ఉంటే సరిపోదు. అది అల్యూమినియం లగ్గుకా, రాగి లగ్గుకా? రెండింటి గొట్టాల మందం వేరు, బయటి కొలత వేరు. నేను పెట్టెలో రాగి డైలకి ఎర్ర చుక్క పెట్టుకున్నాను.

ప్యానెల్లో లగ్గు బిగించే లోహపు పట్టీ, అంటే బస్‌బార్, రాగిదైతే అల్యూమినియం లగ్గు నేరుగా బిగించకండి. రెండు లోహాల మధ్య తేమ చేరితే అల్యూమినియం తినేసుకుపోతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చి పోయాక మా వైపు తడిసిన ప్యానెళ్ళు చాలా విప్పాను. రాగి, అల్యూమినియం కలిసిన చోట తెల్లటి పొడి సున్నంలా పట్టి ఉండేది. ఒక పక్క అల్యూమినియం, ఒక పక్క రాగి ఉన్న బైమెటాలిక్ లగ్గులు దొరుకుతాయి, అవి వాడండి. ధర ఎక్కువే, అయినా అవే కావాలి.

(కోర్‌ని అడ్డంగా కోసిన ముక్క దగ్గరగా.)

ఈ కోర్ ఆకారం చూశారా? గుండ్రంగా లేదు, పుచ్చకాయ ముక్కలా ఉంది. మన లావు కేబుళ్ళలో కోర్‌లు ఎక్కువగా ఇలాగే ఉంటాయి. లగ్గు లోపల మాత్రం గుండ్రం. ఇలాగే దూర్చి నొక్కితే ఒక పక్క నిండుతుంది, ఒక పక్క ఖాళీ. దీనికి గుండ్రం చేసే డై విడిగా వస్తుంది. ముందు దాంతో నొక్కి, కోర్‌ని గుండ్రం చేసి, అప్పుడు లగ్గు ఎక్కించాలి. మా వైపు ఈ పని చేసేవాళ్ళు పదిమందిలో ఒకరు కూడా నాకు కనపడలేదు. టూల్ కొనేటప్పుడే ఈ డైలు అడిగి తీసుకోండి.

ఇన్సులేషన్ ఎంత తియ్యాలి? లగ్గు గొట్టం లోతు కొలిచి, దానికి నాలుగైదు మిల్లీమీటర్లు కలపండి, ఎందుకంటే నొక్కినప్పుడు గొట్టం కొంచెం సాగుతుంది. కత్తిని చుట్టూ తిప్పేటప్పుడు తీగ మీద గాటు పడనివ్వకండి, గాటు పడ్డచోటే తర్వాత విరుగుతుంది.

ఇప్పుడు వైర్ బ్రష్. తీగలు మెరిసేదాకా రుద్ది, వెంటనే, ఫోన్ మోగినా ఎత్తకుండా, ఈ బూడిద రంగు జాయింటింగ్ పేస్టు పూస్తున్నాను. మీగడ మళ్ళీ కట్టకుండా గాలిని ఆపేది ఇదే. కొన్ని లగ్గుల్లో కంపెనీ వాళ్ళే పేస్టు నింపి మూత పెట్టి ఇస్తారు, దాన్ని గుడ్డతో తుడిచేయకండి. కోర్‌ని లగ్గు అడుగు తగిలేదాకా దూర్చాలి. నేను ముందే కోర్ మీద పెన్నుతో గీత పెట్టుకుంటాను. గీత గొట్టం అంచుకి వస్తే లోపల అడుగు తగిలినట్టు.

(టూల్ తల మూసి, పిన్ను పూర్తిగా దూర్చి.)

తల పిన్ను సగం దూరి ఉండగా పంపు చెయ్యొద్దు, పన్నెండు టన్నులకి అది విరిగి ఎగురుతుంది. వేళ్ళు డై దగ్గర ఉండకూడదు.

మొదటి నొక్కు ఎక్కడ? బోల్టు రంధ్రం ఉన్న పక్క నుంచి మొదలుపెట్టి కేబుల్ వైపు రావాలి. లోహం నొక్కుకుంటూ తెరిచి ఉన్న వైపు సాగడానికి చోటుండాలి. రెండు కేబుళ్ళు కలిపే ఫెర్రూల్ అయితే మధ్య నుంచి రెండు చివర్లకి. ఎన్ని నొక్కులో లగ్గు మీదే గీతలు ఉంటాయి.

పంపు చేస్తున్నాను. రెండు డైలు ముఖాముఖి ఆనాలి, టిక్ మని వాల్వ్ వదలాలి. అప్పటిదాకా ఆపొద్దు. డైలు ఆనకముందే హ్యాండిల్ తేలికైపోతే నూనె తక్కువైనా, లోపల గాలి ఉన్నా ఉండొచ్చు. ఆ నొక్కుని లెక్కలోకి తీసుకోకండి.

(క్రింప్ చేసిన లగ్గు తిప్పి చూపిస్తూ. పక్కన వెర్నియర్.)

ఆరు పలకలు సమానంగా వచ్చాయి. ఇరుపక్కలా రెక్కల్లా లోహం బయటికి వస్తే డై చిన్నదన్నమాట. పలకలు సరిగ్గా తేలకుండా గుండ్రంగానే మిగిలితే డై పెద్దది, అది నా పాత తప్పు. ఎదురెదురు పలకల మధ్య వెర్నియర్ పెట్టి, లగ్గు కంపెనీ ఇచ్చిన కొలతతో పోల్చండి. మైక్రో ఓమ్ మీటర్ ఉంటే మరీ మంచిది, మూడు ఫేజులూ కొలిచి రాసుకోండి. ఒక్కటి మిగతా రెంటికన్నా ఎక్కువ చూపిస్తే దాన్ని కోసి మళ్ళీ చెయ్యండి. తప్పుగా నొక్కిన లగ్గుని చిన్న డైతో మళ్ళీ నొక్కి సరిచేయడం కుదరదు.

(సాయంత్రం. మిల్లు పూర్తి లోడు మీద. ప్యానెల్ తలుపుకి దూరంగా నిలబడి, వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో.)

బోల్టులు ప్లెయిన్ వాషర్, స్ప్రింగ్ వాషర్ వేసి టార్క్ రెంచ్‌తో బిగించి, పెయింటు గీత పెట్టాం. బోల్టు తిరిగితే గీత పక్కకి జరుగుతుంది, దూరం నుంచే తెలుస్తుంది.

రెండు గంటలు పూర్తి లోడు నడిచాక ఇప్పుడు వేడి చూస్తున్నాను. గన్‌ని మెరిసే లోహం మీద పెడితే అది అసలు కన్నా తక్కువ చూపిస్తుంది, ఆ అంకె నమ్మి చాలామంది మోసపోతారు. లగ్గు పక్కనే స్లీవ్ మీదగానీ, నల్ల టేపు మీదగానీ పెట్టండి. ఆర్ ఫేజు 51. వై 52. బి 51. మూడూ ఒకే దారిలో ఉన్నాయి. వై ఒక్కటే 75 చూపించి ఉంటే, ఈ కేబుల్ 90 డిగ్రీల దాకా తట్టుకుంటుంది కదా అని వదిలెయ్యను, మెయిన్ ఆపి విప్పుతాను.

ఈ అంకెలు, ఇవాళ్టి తేదీ, లోడు ఎంతో చాక్‌పీసుతో కాదు, మార్కర్‌తో ప్యానెల్ తలుపు లోపల రాస్తున్నాను. నెల తర్వాత ఇదే లోడు మీద మళ్ళీ వచ్చి చూస్తాను.

"భాయినా, టూల్ సర్దేయనా?"

రిలీజ్ వాల్వ్ తిప్పి తలలోని పిస్టన్‌ని వెనక్కి పూర్తిగా పంపు. డైలు తుడిచి, ఏ గుంటలోది ఆ గుంటలో పెట్టు. 240ది ఉందో లేదో ముందు చూడు.