బాటిల్ బొగ్గు రంగును పడుతుంది, ఫ్లోరైడ్‌ను కాదు

(తెరపై: నలిపిన నీళ్ల బాటిల్, పక్కన గిన్నెలో బొరుగులు)

"ఖాళీ బాటిళ్లు కాల్చి, ఆ బొగ్గు బిందెలో వేస్తే బోరు నీళ్లలో ఫ్లోరైడ్ పోతుంది." అనంతపురంలో ఈ మాట విన్నప్పుడల్లా ఒళ్లు మండుతుంది. బాటిల్ నుంచి నీళ్లు శుభ్రం చేసే బొగ్గు చేయొచ్చు, నిజమే. ఆరుబయట మంటేస్తే మాత్రం రాదు. సరిగ్గా చేసినా అది పట్టేది ఫ్లోరైడ్‌ను కాదు.

బియ్యం, బొరుగులు చూడండి. పుట్టింది ఒకే వడ్ల నుంచి. నీళ్లలో వేసి ఒక్క నిమిషం ఆగండి: బియ్యం అలాగే ఉంటాయి, బొరుగులు మెత్తబడిపోతాయి. ఉగ్గాణి చేసేవాళ్లకు ఇది చెప్పాలా! మామూలు బొగ్గు బియ్యం లాంటిది. దాన్ని బొరుగులు చేస్తే యాక్టివేటెడ్ కార్బన్, అంటే ఒళ్లంతా కంటికి కనిపించని రంధ్రాలున్న బొగ్గు. మంచి రకమైతే 1 గ్రాములోని రంధ్రాల గోడలన్నీ పరిస్తే 1000 చదరపు మీటర్లు దాటుతుంది, అంటే పాతిక సెంట్ల నేల.

బాటిల్ అడుగున త్రికోణంలో 1 అంకె ఉండాలి, అది పెట్ అనే ప్లాస్టిక్. మూత, లేబుల్ తీసేయండి. మూత ప్లాస్టిక్ వేడికి ఆవిరైపోతుంది, బొగ్గు దాదాపు మిగలదు. లేబుల్ పీవీసీ అయితే హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరి వచ్చి కొలిమినే తినేస్తుంది. ముక్కలు చేసి, నైట్రోజన్ పారిస్తూ, నిమిషానికి 5 డిగ్రీల చొప్పున 600 డిగ్రీల సెల్సియస్‌కు తెచ్చి గంట ఉంచాలి. కిలోకు సుమారు 200 గ్రాముల బొగ్గు. గాలి చొరబడిందా, చేతికొచ్చేది బూడిదే.

ఇప్పుడు బొరుగులు వేయించే ఘట్టం. 1 వంతు బొగ్గుకు 3 వంతుల పొటాషియం హైడ్రాక్సైడ్ (రంధ్రాలు తొలిచే ఘాటైన క్షారం) కలిపి, నికెల్ పాత్రలో, మళ్లీ నైట్రోజన్‌లోనే 800 డిగ్రీల దగ్గర గంట. పింగాణీ పాత్ర పెడితే క్షారం దాన్నే కొరికేస్తుంది. పూర్తిగా చల్లారకముందే మూత తీయకండి, లోపల పొటాషియం లోహం ఉంటే అంటుకుంటుంది. ఇది ల్యాబ్ పని. వంటింట్లో వద్దు, దండం పెడతా.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడిగి, పీహెచ్ 7 వచ్చేదాకా వేడినీళ్లతో కడగాలి, 110 డిగ్రీల దగ్గర ఆరబెట్టాలి. కడగడం తగ్గితే శుభ్రం చేయబోయిన నీళ్లే క్షారమవుతాయి. పరీక్షకు మిథిలీన్ బ్లూ అనే నీలి రంగు కలిపిన లీటరు నీళ్లలో ఈ కార్బన్ 1 గ్రాము వేసి రెండు గంటలు కలపండి, నీలం తగ్గిందా చూడండి.

రంగు తీయాల్సింది రాయదుర్గం జీన్స్ ఉతికిన నీళ్లయితే ముందు నూలు పోగులు, నీలి మడ్డి వడకట్టాలి, లేదంటే రంధ్రాలు పూడిపోతాయి.

మరి ఫ్లోరైడ్? ఉప్పునీళ్లలో బొరుగులు నానబెట్టి తీసేయండి, మిగిలిన నీళ్లు ఉప్పగానే ఉంటాయి. రంగు అణువు పెద్దది, బల్లపరుపుది, కార్బన్ గోడకు అతుక్కుంటుంది. ఫ్లోరైడ్ చిన్న అయాన్, చుట్టూ ఉన్న నీటిని వదిలి రాదు. తాగునీటిలో అది లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు లేకపోతే 1.5 వరకు. దించాలంటే యాక్టివేటెడ్ అల్యూమినా, ఆర్‌వో, లేదా పటిక, సున్నం వాడే నల్గొండ పద్ధతి.

ఇంకొక్కటి: నానిన బొరుగులు ఇంకేం పీల్చవు. రంగు పట్టి నిండిన కార్బన్‌ను వంకలో పారబోయకండి, పట్టిన రంగు మెల్లగా మళ్లీ నీళ్లలోకే దిగుతుంది.