పండగల తేదీలూ రోడ్డు పనులూ ఒకే కాగితం మీద

(2026 మే నెలలో, నెల్లూరు దర్గామిట్టలో జరిగిన కాలనీవాసుల సమావేశంలో చేసిన ప్రసంగం)

పెద్దలకు, అమ్మలకు, అక్కచెల్లెళ్లకు, వినాయక మండపం కుర్రాళ్లకు నమస్కారం. ఈ ఎండల్లో, అదీ ఆదివారం పూట, ఇంతమంది కదిలి వచ్చినందుకు చాలా సంతోషం.

నన్ను రెండు విషయాలు మాట్లాడమన్నారు. వచ్చే పండగలకు మన వీధిని ఎట్లా సిద్ధం చేసుకోవాలనేది ఒకటి. కొత్త సైడు కాలువ, సిసి రోడ్డు పనులు రెండోది. మున్సిపల్ ఇంజినీరింగ్‌లో పనిచేసి రిటైరైనవాడిగా నాకు ఇవి రెండూ ఒకటే విషయం. పండగల తేదీలు ఒకరి దగ్గర, పనుల తేదీలు ఇంకొకరి దగ్గర ఉంటాయి. ఆ ఇద్దరూ ఒకచోట కూర్చోరు. అందుకే పండగ ముందురోజు దాకా వీధి తవ్వేసి ఉంటుంది, లేదంటే నిన్నగాక మొన్న వేసిన రోడ్డుకు పందిరి కోసం గుంతలు పడతాయి. ఈ రెండు లెక్కలూ ఒకే కాగితం మీద రాసుకుందామని అడగడానికి మీ ముందుకొచ్చాను.

ముందు ఈ ఏడాది తేదీలు చూడండి. మొహర్రం ఏటా పది పదకొండు రోజులు ముందుకొస్తుంది. 2012లో నవంబరు 25న జరిగిన మొహర్రం 2024లో జులై 17కి, పోయినేడు జులై 6కి వచ్చింది. ఈసారి నెలవంకను బట్టి జూన్ 26 ప్రాంతంలో పడుతుంది. అప్పుడే మొదలయ్యే మన బారాషహీద్ దర్గా రొట్టెల పండగ ఐదు రోజులూ కలుపుకుంటే జూన్ నెలాఖరుకు అయిపోతుంది. మన పంచాంగం మాత్రం వెనక్కి జరిగింది. ఇప్పుడు నడుస్తున్నది అధిక జ్యేష్ఠం కదా, అందువల్ల పోయినేడు ఆగస్టు 27న చేసుకున్న వినాయక చవితి ఈసారి సెప్టెంబరు 14న వస్తోంది. విజయదశమి అక్టోబరు 20న. అంటే జులై, ఆగస్టు పూర్తిగా, సెప్టెంబరులో ఓ రెండు వారాలు, మన వీధి నిండిపోయేంత పండగ ఏదీ లేదు. పనులకు ఇంత వెసులుబాటు ప్రతి ఏడూ దొరకదు.

ఆ తర్వాత వానలు. మన జిల్లాకు అసలు వానాకాలం ఈశాన్య రుతుపవనాలతోనే వస్తుంది. ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లోనే కురుస్తుంది. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిందంటే ఆత్మకూరు బస్టాండ్ అండర్ బ్రిడ్జి, మాగుంట లేఅవుట్ అండర్ బ్రిడ్జి, రామలింగాపురం అండర్ బ్రిడ్జి ఎట్లా నిండుతాయో మీకు చెప్పక్కర్లేదు. 2021 నవంబరులో పెన్నా పొంగి భగత్‌సింగ్ కాలనీ, వెంకటేశ్వరపురం మునిగాయి. పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు దెబ్బతిన్నాయి, కోవూరు వైపు హైవే మీద రాకపోకలు ఆగిపోయాయి. పెన్నా వరదను ఆపడం మన చేతిలో లేదు. మన వీధిలో కురిసిన వాన మన కాలువలోంచి బయటికి పోవడం మాత్రం చాలావరకు మన చేతిలో ఉంది. దసరా ఈసారి వానల్లోకి జరిగింది కాబట్టి ఆ పని చవితిలోపే తేలిపోవాలి.

చవితి నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రండి. కాంక్రీటుకు పూర్తి బలం రావడానికి 28 రోజులు లెక్క. సెప్టెంబరు 14న పందిరి సామాన్ల లారీ, విగ్రహం ట్రాక్టరు ఆ రోడ్డు మీదికి రావాలంటే, ఆగస్టు 15కల్లా ఆఖరి కాంక్రీటు పడిపోవాలి. దానికంటే ముందు కాలువ అయిపోవాలి. కాలువకంటే ముందు నీళ్ల పైపులు, భూగర్భ డ్రైనేజీ కనెక్షన్లు పూర్తవ్వాలి. ఈ వరస తప్పితే ఏమవుతుందో నగరంలో చాలా వీధులు చూశాయి. కొత్త రోడ్డు వేసిన నెలకే ఎవరో కుళాయి కనెక్షన్ తీసుకుంటారు. రోడ్డును అడ్డంగా కోస్తారు, మట్టి కప్పి పైన రెండు బొచ్చెల సిమెంటు వేసి వెళ్లిపోతారు. ఆ కోసిన గాడిలోకి మొదటి వానకే నీళ్లు దిగుతాయి, చుట్టుపక్కల రోడ్డు కుంగుతుంది. అందుకే కొత్తగా కుళాయి కావాల్సినవాళ్లు, పాత గొట్టం మార్చుకోవాల్సినవాళ్లు, మేడ మీద అద్దెకిచ్చే ఆలోచన ఉన్నవాళ్లు జూన్ 10లోపు కార్పొరేషన్‌లో దరఖాస్తు పెట్టండి. ఆ రసీదు జిరాక్సు కమిటీకి ఇవ్వండి. అన్నీ కలిపి ఏఈ గారి (అసిస్టెంట్ ఇంజినీరు) దగ్గరికి తీసుకెళ్తాం.

కాలువ సంగతి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మొత్తం పనికి ప్రాణం అక్కడే ఉంది. కాలువ అనగానే అందరూ లోతు అడుగుతారు. లోతు ఎంతున్నా వాలు లేకపోతే అది దోమల తొట్టే. వంద మీటర్ల కాలువకు ముప్పై, నలభై సెంటీమీటర్ల వాలున్నా నీళ్లు కదులుతాయి. అది చూడటానికి పెద్ద యంత్రాలేం అక్కర్లేదు. మేస్త్రీలు వాడే లెవల్ పైపు ఉంది కదా, నీళ్లు నింపిన ఆ సన్నటి తెల్ల గొట్టమే చాలు. ఒక కొస ఈ చివర, ఇంకో కొస ఆ చివర గోడకు ఆనించి పట్టుకుంటారు. గొట్టంలో గాలి బుడగ ఉండకూడదు, అది ముందే చూసుకోవాలి. నీళ్లు నిలకడగా నిలబడ్డాక రెండు కొసల దగ్గరా గోడ మీద పెన్సిల్‌తో గీత గీస్తారు. ఆ గీత నుంచి కాలువ అడుగు దాకా టేపు పెట్టి కొలిస్తే, ఈ చివరికీ ఆ చివరికీ తేడా ఎంతో తెలిసిపోతుంది. వీధి పొడుగుంటే మధ్యలో రెండు మూడు చోట్ల ఇట్లాగే కొలుచుకుంటూ పోవాలి. మన వీధిలో కాలువ మలుపు తిరిగే చోట నీళ్లు ఎప్పుడూ పచ్చగా నిలిచి ఉంటాయి. అక్కడ అడుగు ఎత్తుగా ఉందో, కల్వర్టు కింద పూడిక ఉందో కొలిస్తే తప్ప తెలియదు. ఎస్టిమేటు వేయక ముందే ఇది తేల్చుకోవాలి. గోడలు లేచాక వాలు సరిచేయమంటే ఎవరూ చేయరు.

ఇప్పుడు కొంతమందికి కష్టం కలిగించే మాట ఒకటి చెప్పాలి. ర్యాంపులు. ఇంటి ముందు కాలువ మీద పది, పన్నెండు అడుగుల పొడుగున కాంక్రీటు పోసి, పైన టైల్స్ అతికించి, తులసి కోట కూడా కట్టుకున్న ఇళ్లు మన వీధిలో ఉన్నాయి. కారు లోపలికి పోవాలి, నిజమే. కానీ ఆ ర్యాంపు కింద చేరిన పూడికను ఏ పారిశుద్ధ్య కార్మికుడూ తీయలేడు. చెయ్యి పట్టదు, పార పట్టదు. ఒక్క ఇంటి ముందు కాలువ మూసుకుంటే ఎగువన ఉన్న ఇళ్లన్నీ మునుగుతాయి. దీనికి మార్గం లేకపోలేదు. కారు చక్రాలకు సరిపోయేంత వెడల్పున, ఎత్తి తీయడానికి కొక్కేలున్న పలకలు వేసుకోవచ్చు. లేదంటే ఇనుప జాలీ వేసుకోవచ్చు. ఏడాదికి రెండుసార్లు వాటిని లేపి శుభ్రం చేయించుకోవచ్చు. ర్యాంపు పగలగొట్టడానికి కార్పొరేషన్ మనుషులు వచ్చే దాకా ఆగకుండా మనమే తీసుకుంటే టైల్స్ అయినా మిగులుతాయి. పూడిక తీసే రోజు మాత్రం ఒకటి గుర్తుపెట్టుకోవాలి. తీసిన మట్టిని గట్టున వదిలేస్తే మొదటి జల్లుకే మళ్లీ కాలువలోకి జారుతుంది. నీరు ఓడగానే, అంటే మర్నాటికల్లా, ట్రాక్టరు వచ్చి ఎత్తుకుపోవాలి. ప్రతి నెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర కార్యక్రమం ఉంటుంది కదా. జూన్ 20న ఆ ట్రాక్టరు మన వీధికి కావాలని ముందే రాసి ఇద్దాం. రొట్టెల పండగకు దాదాపు వారం ముందు అవుతుంది.

రోడ్డు గురించి నేను పట్టుబట్టేది ఒక్కటే. పాత రోడ్డు మీద కొత్త రోడ్డు వేయనివ్వొద్దు. నాలుగు అంగుళాలు, ఆరు అంగుళాలు పెరుగుతూ పోయి పాత ఇళ్ల గడపలు ఇప్పటికే రోడ్డుకంటే కిందికి పోయాయి. మూలాపేటలో, సంతపేటలో పాత వీధులు చూడండి, మెట్లెక్కాల్సిన ఇంట్లోకి మెట్లు దిగి పోతున్నారు. పాతది తవ్వి తీసి, ఉన్న లెవల్‌కే కొత్తది వేయాలి. ఖర్చు పెరుగుతుంది, పని రెండు వారాలు ఆలస్యమవుతుంది. అయినా అదే చేయించుకోవాలి. ఇక కాంక్రీటు పోసిన సాయంత్రం నుంచే తడి గోనెలు కప్పి, మర్నాడు మట్టి గట్లు కట్టి నీళ్లు నిలపాలి. రెండు వారాలు తడి ఆరకూడదు. ఇది చూసుకునే పని వీధిలో ఉండే మనదే. కాంట్రాక్టరు మనిషి పొద్దున ఒకసారి తడిపి వెళ్తాడు, పైటేలకి రోడ్డు తెల్లగా ఆరిపోయి ఉంటుంది. ఇంట్లో ఉండే అమ్మలు, రిటైరైనవాళ్లు తలా ఒక రోజు వంతు వేసుకుంటే సరిపోతుంది.

మండపం తమ్ముళ్లూ, మీతో మాట. పందిరికి గుంజలు పాతడానికి కొత్త రోడ్డుకు డ్రిల్లు పెట్టొద్దు. ఆ బొక్కలోంచి నీళ్లు దిగి, ఏడాది తిరిగేసరికి అక్కడ గుంత తేలుతుంది. మీ సరదాను ఆపాలని నేను చెప్పడం లేదు. రోడ్డు వేసేటప్పుడే రెండు అంచుల్లో, పందిరి కొలతకు సరిపోయేట్టు ఇనుప గొట్టాలు దించి, పైన మూతలు బిగించమని అడుగుదాం. చవితికి మూత తీసి గుంజ నిలబెట్టడమే. ఆ కొలతలు మీకే తెలుసు, కాబట్టి పందిరి వేసే మేస్త్రీని తీసుకుని మీరే కొలిచి ఇవ్వండి. ఇదే గొట్టాలు పెళ్లి పందిళ్లకూ, సంక్రాంతి ముగ్గుల పోటీ షామియానాకూ పనికొస్తాయి. విగ్రహం మట్టిదే పెట్టండి, మన గణేష్ ఘాట్ ఉన్నది రొట్టెల పండగ జరిగే స్వర్ణాల చెరువులోనే. రాత్రి పదింటికి మైకు ఆపాలని 2000 నుంచే నిబంధన ఉంది. మన వీధిలో ఇంటర్ పిల్లలున్నారు, బైపాస్ చేయించుకున్న పెద్దవాళ్లున్నారు, పదిన్నర కూడా వద్దు.

రొట్టెల పండగకు వద్దాం. బారాషహీద్ దర్గాకు వచ్చే జనం తమిళనాడు, కర్ణాటక, తెలంగాణల నుంచి కూడా వస్తారు. పిల్లల కోసం సంతాన రొట్టె, కొలువు కోసం ఉద్యోగ రొట్టె, చదువు కోసం విద్య రొట్టె, సొంతింటి కోసం ఇల్లు రొట్టె. కోరిక తీరినవాళ్లు ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు చెరువు నీళ్లలో నిలబడి అందుకుంటారు. ఎవరు ఏ మతమని అక్కడ ఎవరూ అడగరు. మనకు దక్కిన గొప్ప పండగ అది. వచ్చేవాళ్లలో ఎంతమంది చంటిబిడ్డలను ఎత్తుకుని మన వీధిలోంచి నడిచి పోతారో మీరే చూస్తారు. వాళ్లకు కావాల్సింది చాలా తక్కువ. నడవడానికి బండ్లు అడ్డం లేని దారి, తాగడానికి నీళ్లు, రాత్రి వెలిగే లైటు, ఆడవాళ్లకు బాత్రూము. కాలువ మీద విరిగిన పలకలు రెండు ఉన్నాయి, చీకట్లో కాలు పడితే విరుగుతుంది. పెద్ద పనులు మొదలయ్యేదాకా ఆగకుండా వాటిని పండగలోపే మార్పించాలి. కరెంటు స్తంభాల నంబర్లు రాసుకుని వెలగని లైట్ల జాబితా ఇద్దాం. ఆ ఐదు రోజులూ ఇళ్ల ముందు కార్లు బయట పెట్టకుండా ఉందాం. ఇక్కడ కూర్చున్న కొన్ని ఇళ్లవాళ్లు బాత్రూము వాడుకోనిస్తామని ఇప్పటికే ముందుకొచ్చారు, వాళ్లకు నా దండాలు.

మన మూల మీద పులిబొంగరాల బండి, పూలబ్బాయి, కూరగాయల అవ్వ ఉన్నారు. రోడ్డు వెడల్పు అనగానే ముందు వాళ్లనే లేపేస్తారు. అది నాకు సమ్మతం కాదు. వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది. ఎక్కడ అమ్ముకోవాలో తేల్చే కమిటీలో నూటికి నలభై మంది వ్యాపారులే ఉండాలని ఆ చట్టంలో ఉంది. కొత్త రోడ్డు అంచున వాళ్ల బండ్లకు చోటు గీసి ఇవ్వమని మనం కూడా రాసి ఇవ్వాలి. సాయంత్రం పూట మన వీధిలో ఆడపిల్లలు ధైర్యంగా నడుస్తున్నారంటే, ఆ బండి లైటు, ఆ నలుగురు మనుషుల అలికిడి కూడా కారణం.

స్పీడ్ బ్రేకర్ల గురించి ఒక మాట. కంకర, సిమెంటు కలిపి రాత్రికి రాత్రి మనమే గుట్టలు పోయడం వద్దు, వాటి మీద గర్భిణులు, ముసలివాళ్లు ఆటోలో పోలేరు. రోడ్ల కొలతలు నిర్ణయించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ సంస్థ లెక్క ప్రకారం ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు, పైన గుండ్రంగా ఉండాలి. ముందు బోర్డు, మీద తెల్ల చారలు ఉండాలి. బడి ముందు ఒకటి చాలు.

నెల్లూరు 1866లో మున్సిపాలిటీ అయింది, 2004లో కార్పొరేషన్ అయింది. ఇప్పుడు 54 డివిజన్లు. అంత పెద్ద ఊళ్లో మన వీధి సంగతి ఎవరైనా తమంతట తాము పట్టించుకుంటారని కూర్చుంటే కుదరదు. మూడు లక్షలు దాటిన జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలని 74వ రాజ్యాంగ సవరణే చెబుతోంది. అడగడం మన హక్కు. పని మొదలైనప్పుడు ఎస్టిమేటు ఎంత, పొడుగెంత, మందమెంత, గడువెప్పటికి అని బోర్డు పెట్టమందాం. పెట్టకపోతే సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి అడుగుదాం, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. గొడవ పెట్టుకోవడానికి కాదు, కొలత తెలిస్తే మనం టేపు పెట్టి చూసుకోగలం.

ఇక చేయాల్సినవి. రేపు సోమవారం ఫిర్యాదులు తీసుకునే గ్రీవెన్స్‌లో విరిగిన పలకలు, వెలగని లైట్ల అర్జీ ఇస్తున్నాం, ఐదుగురు నాతో రావాలి, అందులో ఇద్దరు ఆడవాళ్లు ఉండాలి. వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికి, ఎండ ఎక్కకముందే, వీధి ఈ చివర నుంచి కాలువ కలిసే చోటు దాకా లెవల్ పైపు పట్టుకుని కొలుచుకుంటూ పోతాం. టేపు, పెన్సిల్ నేను తెస్తాను. పైపు మేస్త్రీ దగ్గర ఉంది. కొలతలు రాయడానికి ఇంజినీరింగ్ చదివే పిల్లలు ఇద్దరు కావాలి. ఆ కాగితం మీదే పైన పండగల తేదీలు, కింద పనుల తేదీలు రాసి, అందరం సంతకాలు చేసి కమిషనర్ గారికి ఇద్దాం.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి. ర్యాంపుల గురించి ముందు అడగండి, ఎవరి ఇంటి ముందు ఏం చేయాలో పొద్దుపోయేలోపు తేల్చుకుందాం.