పాముకాటు కేసుతో మొదలుపెడదాం: ఎఫ్‌ఎమ్‌జీఈ రివిజన్ మీద ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

మీలో ఎక్కువమంది జార్జియాలోనో, కిర్గిజ్‌స్థాన్‌లోనో, ఫిలిప్పీన్స్‌లోనో, రష్యాలోనో చదివి వచ్చారు. ఇంట్లోవాళ్లు మీ పేరు ముందు డాక్టర్ అని ఎప్పుడో తగిలించేశారు. పక్కింటివాళ్లు బీపీ చూడమని చెయ్యి చాపుతున్నారు. 2002 నాటి స్క్రీనింగ్ టెస్ట్ నిబంధనల ప్రకారం మాత్రం విదేశాల్లో వైద్యం చదివినవాళ్లకు పెట్టే ఈ ఎఫ్‌ఎమ్‌జీఈ పరీక్ష దాటితే తప్ప ఇక్కడ డాక్టర్‌గా రిజిస్ట్రేషన్ రాదు. ఆ టెన్షన్ మీ ముఖాల్లో కనిపిస్తూనే ఉంది. ధైర్యం చెప్పే ఉపన్యాసాలు మీరు ఈపాటికి చాలా విని ఉంటారు, అందుకని నేను నేరుగా చదువులోకే వెళ్తాను.

లెక్క ఒకసారి చూద్దాం. మొత్తం 300 ప్రశ్నలు, రెండు పార్టులు, ఒక్కో పార్టుకు 150 నిమిషాలు. పాస్ కావాలంటే 150 రావాలి. నెగెటివ్ మార్కులు లేవు, కాబట్టి ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలొద్దు. ఇందులో 100 మార్కులు ప్రీక్లినికల్, పారాక్లినికల్ సబ్జెక్టులవి: అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ ఒక్కోటి 17, పాథాలజీ, మైక్రోబయాలజీ, ఫార్మకాలజీ ఒక్కోటి 13, ఫోరెన్సిక్ 10. మిగతా 200 క్లినికల్ వైపు ఉంటాయి. అది చూసి చాలామంది "బేసిక్ సైన్స్ వదిలేసి క్లినికల్ గట్టిగా పట్టుకుంటే చాలు కదా సార్" అని అడుగుతారు. చాలదు. క్లినికల్ అనుకుంటున్న ఆ 200 ప్రశ్నల్లో ఎన్నో లోపల ఫిజియాలజీ ప్రశ్నలే. పైన పేషెంట్ బట్టలు తొడుక్కుని వస్తాయి, అంతే.

ఎలాగో ఒక కేసుతో చూపిస్తాను. జూలై నెల, వానలు పడుతున్నాయి. పొలం దగ్గర పాకలో నేల మీద పడుకున్న ముప్పై ఏళ్ల మనిషి తెల్లవారుజామున కడుపునొప్పితో లేచాడు. కాసేపటికి కనురెప్పలు వాలిపోయాయి, మాట ముద్దగా వస్తోంది, మింగలేకపోతున్నాడు. ఒంటి మీద వాపు లేదు, కాటు గుర్తు ఎంత వెతికినా కనిపించడం లేదు. ఏమిటిది?

కట్లపాము. ఫిలిప్పీన్స్‌లో చదివినవాళ్లు డెంగీ, లెప్టోస్పైరోసిస్ చూసి ఉంటారు. జార్జియా, కిర్గిజ్‌స్థాన్‌లలో చదివినవాళ్లు బ్రూసెల్లోసిస్ చూసి ఉంటారు. కట్లపాము కాటును మాత్రం మీలో ఎవరూ వార్డులో చూసి ఉండరు. పరీక్షలో వచ్చేది మన ఊరి పేషెంటే. కాబట్టి చూడని కేసును కూడా ఊహించుకోగలగాలి. దానికి బట్టీ పనికిరాదు, బొమ్మ పనికొస్తుంది. ఒక తెల్ల కాగితం తీసుకుని నాడీ కండర సంధిని గీయండి. న్యూరోమస్క్యులర్ జంక్షన్ అంటారే, అదే. పైన నరం చివర, కింద కండరం, మధ్యలో సందు.

నరంలోంచి ప్రేరణ కిందికి వస్తుంది. కాల్షియం ఛానళ్లు తెరుచుకుంటాయి. వాటికి యాంటీబాడీలు అడ్డుపడితే లాంబర్ట్ ఈటన్ అనే కండరాల బలహీనత జబ్బు, వెంటనే పక్కన స్మాల్ సెల్ లంగ్ క్యాన్సర్ అని రాసుకోండి. కాల్షియం లోపలికి వచ్చాక సంచులు పగిలి, కండరానికి కబురు మోసే రసాయనం ఎసిటైల్‌కోలిన్ బయటికి రావాలి. సంచిని పొరకు కలిపే స్నేర్ ప్రోటీన్లను బాట్యులినమ్ విషం కోసేస్తుంది. కట్లపాము విషం కూడా ఇక్కడే, నరం చివరనే దెబ్బతీస్తుంది. దాని బీటా బంగరోటాక్సిన్ ఆ కొసను ధ్వంసం చేస్తుంది, అది మళ్లీ మొలవడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. అందుకే నియోస్టిగ్మిన్ ఇచ్చినా పెద్దగా ఫలితం ఉండదు. విడుదల కావాల్సిన ఎసిటైల్‌కోలినే లేనప్పుడు, దాన్ని విరగ్గొట్టే ఎంజైమును ఆపి లాభం ఏముంది? పేషెంట్‌ను బతికించేది వెంటిలేటర్.

నాగుపాము సంగతి వేరు. దాని విషం సందుకు అవతల, కండరం మీదున్న నికోటినిక్ రిసెప్టర్‌ను మూసేస్తుంది. అక్కడ ఎసిటైల్‌కోలిన్ పెరిగితే పోటీపడి కొంత చోటు సంపాదించుకోగలదు, కాబట్టి నియోస్టిగ్మిన్, దానితోపాటు అట్రోపిన్ ఇవ్వడంలో అర్థముంది. కాటు వేసిన చోట వాపు, నొప్పి, కణజాలం కుళ్లడం కూడా నాగుపాము వైపే చూపిస్తాయి. అదే రిసెప్టర్ దగ్గర మయస్తీనియా గ్రేవిస్ రాసుకోండి, అనస్తీషియాలో వాడే వెక్యూరోనియమ్ రాసుకోండి.

ఇప్పుడు సందు మధ్యలో ఉన్న ఎసిటైల్‌కోలిన్ ఎస్టరేజ్ దగ్గరికి రండి. ఆర్గానోఫాస్ఫరస్ రకం పురుగుమందు తాగిన కేసులన్నీ ఇక్కడివే. పత్తి, మిరప పండించే ప్రాంతాల్లో హౌస్ సర్జన్‌గా చేరిన మొదటి నెలలోనే ఈ కేసు చూస్తారు. సూదిమొనంత కనుపాపలు, నోట్లో నురగ, ఊపిరితిత్తుల నిండా స్రావాలు. అట్రోపిన్ మస్కారినిక్ వైపు, అంటే స్రావాలు, గుండె, కనుపాపల వైపు మాత్రమే పనిచేస్తుంది, కండరాల బలహీనతను తగ్గించదు. మోతాదు చాలిందో లేదో కనుపాపలు చూసి తేల్చకూడదు, ఛాతీ శుభ్రపడిందా, గుండె వేగం, బీపీ పుంజుకున్నాయా అన్నది చూడాలి. పరీక్షలో ఇది ఎన్నిసార్లు అడిగినా తప్పు రాసేవాళ్లు ఉంటూనే ఉంటారు. ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య, అంతా బాగుందనుకున్న పేషెంట్ మెడ ఎత్తలేకపోతే, అది ఇంటర్మీడియట్ సిండ్రోమ్. ఊపిరి మీద కన్నేసి ఉంచాలి. ఇదే పేషెంట్‌కు ట్యూబ్ వేయడానికి సక్సినైల్‌కోలిన్ ఇస్తే దాని ప్రభావం ఎక్కువసేపు ఉండిపోతుంది, ఎందుకంటే దాన్ని విరగ్గొట్టే సూడోకోలినెస్టరేజ్‌ను కూడా పురుగుమందు పడగొట్టేసింది.

చూడండి, ఒక్క బొమ్మ మీద ఫిజియాలజీ, ఫార్మకాలజీ, మైక్రోబయాలజీ, ఫోరెన్సిక్, అనస్తీషియా, మెడిసిన్ అన్నీ వచ్చి కూర్చున్నాయి. ఆరు పుస్తకాల్లో ఆరుసార్లు చదివితే ఆరుసార్లు మరిచిపోతారు.

పాముల దగ్గరే ఇంకొంచెం ఆగుదాం, మన దగ్గర ఇది చిన్న విషయం కాదు. రక్తపింజర కాటేస్తే కథ నరాల దగ్గర కాదు, రక్తం దగ్గర మొదలవుతుంది. దాని విషం గడ్డకట్టే వ్యవస్థలోని పదో ఫ్యాక్టర్‌ను, ఐదో ఫ్యాక్టర్‌ను రెచ్చగొడుతుంది. ఫ్యాక్టర్లన్నీ ఖర్చైపోయి చివరికి రక్తం గడ్డకట్టదు. చిగుళ్ల నుంచి రక్తం, మూత్రంలో రక్తం, ఆపైన కిడ్నీలు దెబ్బతినడం. పెద్ద ల్యాబ్ లేని పీహెచ్‌సీలో కూడా దీన్ని తేల్చొచ్చు. శుభ్రమైన, పొడి గాజు ట్యూబులో కొద్దిగా రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి, తర్వాత వంచి చూడాలి. ప్లాస్టిక్ ట్యూబ్ పనికిరాదు. ఎందుకు? గాజు ఉపరితలం గడ్డకట్టే ప్రక్రియను మొదలుపెడుతుంది, ప్లాస్టిక్ ఆ పని సరిగా చేయదు. కాంటాక్ట్ యాక్టివేషన్ అని ఫస్టియర్లో చదివింది ఇదే. ఇక ఈ పాము విషాన్నే పలచన చేసి, లూపస్ యాంటీకోయాగ్యులెంట్ ఉందో లేదో కనిపెట్టే పరీక్షలో వాడతారు. ఆ పరీక్ష పేరులోనే రసెల్స్ వైపర్, అంటే మన రక్తపింజర, ఉంది కాబట్టి ఇక మరిచిపోరు.

కేసులు పక్కన పెట్టి ఒక మనిషి గురించి రెండు మాటలు. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివినా ఆయన చేతికి వచ్చింది ఎంబీబీఎస్ కాదు, దానికంటే తక్కువ స్థాయిదైన ఎల్‌ఎంఎస్ సర్టిఫికెట్. సర్టిఫికెట్ దగ్గర ఆగిపోయామని దిగులుపడే ఈ హాల్లో ఆయన పేరు చెప్పుకోవడం తప్పు కాదనుకుంటాను. కానీ నేను ఆయన్ను తలచుకునేది ఓదార్పు కోసం కాదు, రివిజన్ కోసం. అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీలో ఆయన నడిపిన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. దాన్నే కాస్త మార్చి దాని పనిని అడ్డుకునే మందులు చేశారు. అందులో అమినోటెరిన్ ఇచ్చినప్పుడు ల్యుకేమియా పిల్లల్లో తాత్కాలికంగానైనా వ్యాధి వెనక్కి తగ్గిందని 1948లో సిడ్నీ ఫార్బర్ ప్రకటించారు. మెథోట్రెక్సేట్ ఆ కుటుంబంలోదే.

ఆ దారిలోనే నడవండి. ఫోలేట్ లేకపోతే డీఎన్ఏ తయారీ ఆగుతుంది, ఎర్రకణం పెద్దదిగా ఉండిపోతుంది. బీ12 లేకపోయినా రక్తంలో అదే చిత్రం కనిపిస్తుంది, కానీ మిథైల్‌మలోనిక్ యాసిడ్ పెరిగేది బీ12 లోపంలోనే. తేల్చుకోకుండా ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇస్తే హిమోగ్లోబిన్ పెరిగి అందరూ సంతోషిస్తారు, లోపల వెన్నుపాము మాత్రం దెబ్బతింటూనే ఉంటుంది. మెథోట్రెక్సేట్ డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్‌ను ఆపుతుంది కాబట్టి విరుగుడుగా ఇవ్వాల్సింది మామూలు ఫోలిక్ యాసిడ్ కాదు, ఆ మెట్టు అవసరం లేని ల్యూకోవోరిన్. అదే మెథోట్రెక్సేట్ చీలని ఎక్టోపిక్ గర్భానికి, అంటే గర్భసంచి బయట నిలిచిన గర్భానికి, గైనకాలజీలో మళ్లీ ఎదురవుతుంది. బోదకాలుకు ఇచ్చే డైఇథైల్‌కార్బమజిన్ కూడా సుబ్బారావు గారి బృందం నుంచే వచ్చింది.

సరే, జబ్బు పేరు తెలిసినా మార్కు ఎక్కడ పోతుంది? ప్రశ్న చివరి వాక్యం దగ్గర. ముందు ఆ వాక్యం చదవండి, తర్వాత పైకి వెళ్లండి. అడిగింది మోస్ట్ లైక్లీ డయాగ్నోసిసా, ఇన్వెస్టిగేషన్ ఆఫ్ ఛాయిసా, నెక్స్ట్ స్టెప్పా? నెలసరి తప్పిన అమ్మాయి, కడుపునొప్పి, కళ్లు తిరిగి పడిపోయింది, బీపీ 70కి దిగింది, ప్రెగ్నెన్సీ టెస్ట్ పాజిటివ్, కడుపులో ద్రవం. ఆప్షన్లలో బీటా హెచ్‌సీజీ మళ్లీ చేయడం ఉంటుంది, ఎంఆర్ఐ ఉంటుంది, ఇప్పుడే చెప్పిన మెథోట్రెక్సేట్ కూడా ఉంటుంది. ఇది చీలిన ఎక్టోపిక్, బీపీ పడిపోయిన పేషెంట్‌కు అవేవీ కాదు. ఫ్లూయిడ్స్, రక్తం ఎక్కిస్తూ ఆపరేషన్‌కు తీసుకెళ్లాలి. ఛాతీలో గాలి చేరి ఊపిరితిత్తిని, గుండెను నొక్కేసే టెన్షన్ న్యూమోథొరాక్స్‌లో ఎక్స్‌రే అడిగేవాళ్లకు కూడా ఇదే మాట. అది చేతులతో, చెవులతో తేల్చి వెంటనే గాలి తీయాల్సిన జబ్బు.

గుండె నుంచి ఒక్కటి చెప్పి వదిలేస్తాను. ఛాతీ నొప్పి, ఈసీజీలో రెండో లీడ్, మూడో లీడ్, ఏవీఎఫ్‌లలో ఎస్టీ పైకి లేచింది, బీపీ తక్కువ, మెడ సిరలు ఉబ్బాయి, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. అనాటమీ గుర్తు తెచ్చుకోండి. చాలామందిలో ఏవీ నోడ్‌కు రక్తం ఇచ్చేది రైట్ కరోనరీ ధమనే, కుడి జఠరికకూ అదే ఇస్తుంది. కాబట్టి నాడి నెమ్మదించొచ్చు, కుడి జఠరిక కూడా దెబ్బతిని ఉండొచ్చు. ఛాతీ కుడివైపు పెట్టే వీ4ఆర్ లీడ్ తీయండి. నాలుక కింద నైట్రేట్ పెడితే గుండెకు తిరిగొచ్చే రక్తం ఇంకా తగ్గి బీపీ కుప్పకూలుతుంది. ఇక్కడ ఇవ్వాల్సింది సెలైన్, అదీ చూసుకుంటూ.

పీఎస్ఎం, అంటే కమ్యూనిటీ మెడిసిన్, మీకు విసుగని తెలుసు. 30 మార్కులండీ, సర్జరీకి ఉన్నదానికి రెండు మాత్రమే తక్కువ! పైగా డయాగ్నోసిస్ అంటే ఏమిటో సరిగ్గా చెప్పే సబ్జెక్ట్ అదే. ఒక టెస్టుకు సెన్సిటివిటీ, అంటే జబ్బు ఉన్నవాళ్లను పట్టుకోవడం, 90 శాతం, స్పెసిఫిసిటీ, అంటే జబ్బు లేనివాళ్లకు నెగెటివ్ చూపించడం, 90 శాతం అనుకోండి. వెయ్యి మందిలో జబ్బు ఉన్నది పది మందికే. పాజిటివ్ వచ్చే నిజమైన రోగులు 9 మంది. జబ్బు లేని 990 మందిలో కూడా 99 మందికి పాజిటివ్ వస్తుంది. అంటే 108 పాజిటివ్‌లలో నిజమైనవి 9, ఎనిమిది శాతం. అదే టెస్టును సగం మందికి జబ్బు ఉన్న వెయ్యి మందిపై చేస్తే 450 నిజం, 50 అబద్ధం, అంటే 90 శాతం. టెస్టు మారలేదు, మారింది ఎవరికి చేశామన్నదే. అందుకే ప్రశ్నలో వయసు, వృత్తి, ఊరు, ఏ కాలం అన్న వివరాలు ఇస్తారు. వాటిని దాటేసి నేరుగా ల్యాబ్ రిపోర్టుకు దూకొద్దు.

చదివే పద్ధతి గురించి నా అభిప్రాయం కొందరికి నచ్చదు. వీడియోలు రెండింతల వేగంతో చూసేసి సబ్జెక్ట్ అయిపోయిందనుకోవడాన్ని నేను చదువు అనను. ముందు క్యూ బ్యాంక్, అంటే ప్రాక్టీసు ప్రశ్నల యాప్, తెరిచి పాతిక ప్రశ్నలు చేయండి, తప్పులు రానివ్వండి, తర్వాతే ఆ పాఠం చూడండి. తప్పైన ప్రతి ప్రశ్నకూ సరైన జవాబు ఒక్కటే రాసుకుంటే చాలదు, మిగతా మూడు ఎందుకు కావో ఒక్కో ముక్క రాయండి. ఆ మూడు ఆప్షన్లు వేరే ప్రశ్నలకు జవాబులుగా వస్తాయి. పూర్తి నమూనా పరీక్ష, అంటే గ్రాండ్ టెస్ట్, రాసిన రోజు స్కోరు ఫ్రెండ్స్ గ్రూపులో పెట్టడం మానేసి, సాయంత్రమంతా ఆ పేపరుతోనే కూర్చోండి. స్కిన్, సైకియాట్రీ, రేడియాలజీ లాంటి షార్ట్ సబ్జెక్టులు ఒక్కోటి 5 మార్కులే. అక్కడ నోట్స్ రాస్తూ కూర్చోవద్దు, ఫొటోలు, ఫిల్ములు చూస్తే చాలు. చివరి వారానికి టీకాల షెడ్యూలు, మందుల సైడ్ ఎఫెక్టులు, బయోకెమిస్ట్రీలో ఎంజైమ్ లోపాలు వదిలిపెట్టుకోండి. అవి ఎంత ముందు చదివినా జారిపోయేవే.

టీ వచ్చిందంటున్నారు. తాగి వచ్చాక తెర మీద పది ఈసీజీలు పెడతాను, ఒక్కోదానికి ఒక నిమిషం. జవాబుతోపాటు ఏ ధమని, ఏ మందు ఇవ్వకూడదు అన్నవి కూడా రాయాలి. కాగితం, పెన్ను తెచ్చుకోండి. ఫోన్లు బ్యాగులో పెట్టేయండి.