గేటు కబ్జాకు ఎన్ని ఆంపియర్లు?

శ్రోతలకు నమస్కారం.

రెండేళ్ల కిందట మా ఇంటి గేటు కబ్జా ఊడిపోయింది. హైదరాబాద్‌లో కబ్జా అనగానే అందరికీ స్థలాలే గుర్తొస్తాయి కాబట్టి చెబుతున్నాను, ఇది తలుపు కబ్జా, బందు. వీధి చివర వెల్డింగ్ షాపుకి వెళ్లి, "రెండు టాకాలే అన్నా, కాస్త వచ్చి వెయ్యవా" అని అడిగాను. "రేపొస్తా సార్" అన్నాడు. పదిహేను రోజులైనా ఆ రేపు రాలేదు. ఆయన్ని తప్పు పట్టను. రెండు టాకాల కోసం మెషీన్‌ని ఆటోలో వేసుకుని వస్తే ఆయనకు కిరాయి కూడా గిట్టదు. గేటుకు తాడు కట్టుకుని తిరిగి విసిగిపోయి, మనమే ఒక మెషీన్ కొనేస్తే పోలా అనుకున్నాను.

ఒక శనివారం సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్లాను. పనిముట్ల షాపుల్లో చేతిసంచి అంత ఇన్వర్టర్ వెల్డింగ్ మెషీన్లు వరుసగా పేర్చి ఉన్నాయి. ఒకదాని మీద 200 ఆంపియర్లు అని రాసి ఉంది, ఇంకోదాని మీద 250, పక్కదాని మీద 300. ధరల్లో పెద్ద తేడా లేదు. కొత్తిమీర కట్ట కొసరు అడిగే బుద్ధి కదా మనది, 250 తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి పవర్ ప్లగ్గులో పెట్టి, నాబ్ చివరిదాకా తిప్పి, గేటు మీద మొదలుపెట్టాను. కరిగి ఇనుమును అతికే రాడ్ రెండోది సగం కాలేసరికి ఎంసీబీ, అంటే కరెంటు ఎక్కువైతే లైను ఆపేసే స్విచ్చి, పడిపోయింది. లోపల టీవీ చూస్తున్నవాళ్లు ఏమన్నారో రేడియోలో చెప్పలేను.

ఎక్కడ పొరపాటు పడ్డానో తర్వాత తెలిసింది. నేను మెషీన్ నుంచి లెక్క మొదలుపెట్టాను. మొదలుపెట్టాల్సింది ఇనుము మందం నుంచి, దానికి సరిపడే రాడ్ నుంచి.

మన గేట్లు, కిటికీ గ్రిల్స్, ట్యాంకు స్టాండ్లు దాదాపు అన్నీ మైల్డ్ స్టీలే. అందులో కార్బన్ సుమారు పావు శాతానికి మించదు. అందుకే అది మంచి బుద్ధిమంతురాలైన లోహం. ముందుగా వేడి చెయ్యక్కర్లేదు, అతికాక మెల్లగా చల్లార్చక్కర్లేదు. దానికి వాడే మామూలు రాడ్ 6013 రకం. షాపులో 12 నంబర్ అడిగితే 2.5 మిల్లీమీటర్ల రాడ్ ఇస్తారు. 10 నంబర్ అంటే 3.15, 8 నంబర్ అంటే 4 మిల్లీమీటర్లు. నంబర్ తగ్గేకొద్దీ రాడ్ లావవుతుంది, తికమక పడకండి. రాడ్ లావు మిల్లీమీటరుకు సుమారు 30 నుంచి 40 ఆంపియర్లు అని మేస్త్రీల లెక్క. అలా 2.5 రాడ్‌కు 70 నుంచి 90, 3.15 రాడ్‌కు 100 నుంచి 130. 4 మిల్లీమీటర్ల రాడ్‌కు 150 దాటాలి, ఇంటి పనుల్లో దాని అవసరం నాకు ఇంతవరకు రాలేదు.

5 మిల్లీమీటర్ల ఎల్ యాంగిల్ కూడా 3.15 రాడ్‌తో చక్కగా అతుకుతుంది. కాబట్టి గేటు బాగుచేసుకునే మనిషికి కావలసింది 130 అసలైన ఆంపియర్లు. 'అసలైన' అన్న మాట ఊరికే అనలేదు.

ఇంకో విషయం. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఎక్కువ కరెంటు కన్నా తక్కువ కరెంటు దగ్గరే ఇబ్బంది. పూలకుండీల స్టాండుకు వాడే స్క్వేర్ పైపు 16 గేజ్ అయితే 1.6 మిల్లీమీటర్లు, 18 గేజ్ అయితే 1.2 మిల్లీమీటర్లే. 90 ఆంపియర్లు పెట్టి ఆ పైపు మీద రాడ్ నిలిపితే క్షణంలో బొక్క పడుతుంది. అక్కడ 2 మిల్లీమీటర్ల రాడ్, 50 ఆంపియర్లు కావాలి. ఆ 50 దగ్గర మంట ఆరిపోకుండా నిలబడే మెషీనే నా దృష్టిలో మంచి మెషీన్. డబ్బా మీద 300 రాసి ఉన్నా ఆ అంకె ఈ పనికి ఉపయోగపడదు.

మరి అసలు బలం ఎంతో ఎలా తెలుస్తుంది? మెషీన్ వెనకో, కిందో గళ్లు గళ్లుగా ఒక ప్లేటు అంటించి ఉంటుంది. షాపువాళ్లు దాన్ని చూపించరు, మనం అడగం. అందులో ఎక్స్ అని ఒక వరుస ఉంటుంది, దాన్ని డ్యూటీ సైకిల్ అంటారు. 200 ఆంపియర్ల దగ్గర 60 శాతం అని ఉంటే, 10 నిమిషాల్లో 6 నిమిషాలు కాల్చి 4 నిమిషాలు ఆపాలన్న మాట. ఆ పరీక్ష చేసేది 40 డిగ్రీల వేడిలో. మే నెలలో మన డాబా మీద రేకుల కింద అంతకన్నా ఎక్కువే ఉంటుంది, అందుకే కొంత తగ్గించుకుని లెక్కేసుకోవాలి. దీని గురించి మరీ టెన్షన్ పడక్కర్లేదు. ఒక రాడ్ నిమిషంలోనో నిమిషంన్నరలోనో అయిపోతుంది. అతుకు మీద పెచ్చులా కట్టే స్లాగ్ కొట్టి, బ్రష్ రుద్ది, చెమట తుడుచుకునేలోగా మెషీన్‌కు తగిన విశ్రాంతి దొరుకుతుంది.

ఆ ప్లేటు మీదే అబద్ధం పట్టుకునే ఉపాయం కూడా ఉంది. రాడ్ దగ్గర వోల్టేజీకి ఒక లెక్క ఉంది: ఆంపియర్లను 25తో భాగించి 20 కలపాలి. 250 ఆంపియర్లకు 30 వోల్టులు. రెండూ గుణిస్తే 7,500 వాట్లు. ఇప్పుడు ఇటువైపు, మన గోడలోంచి ఎంత తీసుకుంటుందో చూడండి. 230 వోల్టులు, 20 ఆంపియర్లు అని ఉంటే మొత్తం 4,600 వాట్లే. శేరు పాలలో సవాశేరు వెన్న తీస్తానంటే నమ్ముతామా? మా మెషీన్ డబ్బా మీద 250 ఉంటే ప్లేటు మీద 160 ఆంపియర్లు, 26.4 వోల్టులు, 30 శాతం అని నిజం రాసి ఉంది. ముందే చదివి ఉంటే ఆ కొసరు ఆశ పడేవాణ్ని కాదు. అయినా 120 దగ్గర 10 నిమిషాల్లో 5 నిమిషాలు నడుస్తుంది, నా పనులకు చాలు.

ఇక ఎంసీబీ సంగతి. ఇంట్లో ఏసీ, గీజరు పెట్టుకునే పవర్ సాకెట్ 16 ఆంపియర్లది. చిన్న ఇన్వర్టర్ మెషీన్ 85 ఆంపియర్లతో కాలుస్తుంటే గోడలోంచి సుమారు 15 ఆంపియర్లు లాగుతుంది. 120 పెడితే 20 దాటుతుంది. నేను నాబ్ చివరిదాకా తిప్పాను కాబట్టి 30 వరకు పోయి ఉంటుంది. ఎంసీబీ తన పని తాను చేసింది. 2.5 రాడ్ వరకు పవర్ సాకెట్ సరిపోతుంది. 3.15 రాడ్ వాడాలంటే ఎలక్ట్రీషియన్ చేత మెయిన్ బోర్డు నుంచి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుతో వేరే లైను, దానికి తగిన ఎంసీబీ వేయించుకోవాలి. దానికి ముందు కరెంటు బిల్లు మీద మీ లోడ్ ఎన్ని కిలోవాట్లో చూసుకోండి. ఎంసీబీ పడుతోందని దాన్ని తీసి పెద్దది మాత్రం వేయించొద్దు, గోడలో వైరు కాలుతుంది. ఎక్స్‌టెన్షన్ బోర్డు వైరు చుట్టలా ఉంచి వాడినా అదే ప్రమాదం, మొత్తం విప్పి పరవాలి.

పాతకాలం రాగి చుట్ట ట్రాన్స్‌ఫార్మర్ సెట్టు గట్టిది కదా అంటారు కొందరు. గట్టిదే. ఇద్దరు మనుషులు మొయ్యాలి, చాలావాటికి రెండు ఫేజులు కావాలి. అపార్టుమెంటులో దాని మాట మర్చిపోవడం మేలు.

రాడ్ అంటుకుపోతోంది, మంట బలహీనంగా ఉంది అని మెషీన్‌ను తిట్టే ముందు ఎర్త్ క్లాంప్, అంటే మెషీన్ రెండో వైరు చివర ఇనుమును పట్టుకునే క్లిప్పు, ఎక్కడ పెట్టారో చూడండి. పెయింటు మీద, తుప్పు మీద పెడితే ఎన్ని ఆంపియర్లున్నా దండగే. నేను ఒక సాయంత్రమంతా అలా పోగొట్టుకున్నాను. గ్రైండర్‌తో రూపాయి బిళ్లంత మెరుగు పెట్టగానే అదే మెషీన్ వేరే మెషీన్‌లా పనిచేసింది.

మెషీన్ మీద మిగిలిన డబ్బు హెల్మెట్ మీద పెట్టండి. ఈ పనికి 10 లేదా 11 నంబర్ అద్దం కావాలి, నల్ల కళ్లజోడు పనికిరాదు. వెలుగు తగిలిన వెంటనే ఏమీ అనిపించదు, అర్ధరాత్రి కళ్లలో ఇసుక పోసినట్టు లేపుతుంది. ఒంటి మీద నూలు బట్టలే ఉండాలి. జీఐ పైపు అయితే అతికే చోట జింకు పూత గ్రైండ్ చేసేసి, గాలి ఆడే చోటే కాల్చండి. ఆ తెల్ల పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వస్తుంది.

రాణిగంజ్ వెళ్లేటప్పుడు సంచిలో 18 గేజ్ పైపు ముక్క ఒకటి, 5 మిల్లీమీటర్ల పట్టీ ముక్క ఒకటి వేసుకెళ్లండి. పైపు మీద 50 దగ్గర, పట్టీ మీద 120 దగ్గర కాల్చి చూపించమనండి. ముందు షాపువాళ్లు కాస్త విసుక్కుంటారు. నా కోసం కాల్చి చూపించమని అడిగి ఉంటే నేనూ ఆ 250 డబ్బా తెచ్చుకునేవాణ్ని కాదు. మొన్న వీధి చివరి వెల్డింగ్ అన్న అటుగా పోతూ ఆగి, నేను వేసిన కబ్జాను బొటనవేలితో తడిమి, "గట్టిగనే పట్టింది సార్, జర గ్రైండర్ పెట్టుండ్రి, చూస్తే పకోడీ లెక్కున్నది" అన్నాడు.

సెలవు.