మాల్హమ్ ఒకరోజు నడక: గోర్డేల్ ఎక్కి, కోవ్ మీంచి దిగడం

నమస్తే అండి. ఈ వీడియోలో ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ డేల్స్‌లో, మాల్హమ్ ఊరి చుట్టూ తిరిగొచ్చే ఒకరోజు నడక చూద్దాం. లీడ్స్, బ్రాడ్‌ఫర్డ్, మాంచెస్టర్ వైపు ఉండేవాళ్ళు పొద్దున బయల్దేరితే రాత్రి భోజనానికి ఇంటికొచ్చేయొచ్చు.

[తెర మీద మ్యాప్]

దారి ఇదీ: ఊరు, జానెట్స్ ఫాస్ జలపాతం, గోర్డేల్ స్కార్ అనే ఇరుకు లోయ, మాల్హమ్ టార్న్ చెరువు, మాల్హమ్ కోవ్ అనే నిలువు కొండగోడ, మళ్ళీ ఊరు. దాదాపు 13 కిలోమీటర్లు, ఎక్కాల్సిన ఎత్తు అంతా కలిపి 300 మీటర్లకు అటూఇటూ. ముందు కోవ్ చూసేసి అటునుంచి రావచ్చు కదా అంటారు. వద్దు. గోర్డేల్‌లో చేతులు కూడా వాడి ఎక్కాల్సిన చోటు ఒకటుంది, అక్కడ ఎక్కడం కన్నా దిగడం కష్టం.

బయల్దేరేముందు ఇక్కడి సున్నపురాయి సంగతి తెలియాలి. మన ఇళ్ళల్లో షాబాదు బండ మీద నిమ్మరసం ఒలికితే నునుపు పోయి మచ్చ పడుతుంది కదా, ఇక్కడా అదే పని జరుగుతోంది, కాకపోతే వేల ఏళ్ళుగా. వాన నీరు గాలిలో, మట్టిలో ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ని కలుపుకుని కాస్త ఆమ్లంగా మారుతుంది, పగుళ్ళలోకి దిగి సున్నపురాయిని కరిగిస్తుంది. దాంతో మనకి రెండు ఇబ్బందులు. నీళ్ళు నేలలోకి ఇంకిపోతాయి కాబట్టి దారిలో దొరకవు. దొరికిన చోట కూడా పైన గొర్రెలు మేస్తుంటాయి, తాగొద్దు. మనిషికి 2 లీటర్లు మోసుకెళ్ళండి. ఇక రెండోది, ఇది మెత్తటి రాయి. జనం నడిచి నడిచి నున్నగా అరిగిపోయింది. తడిస్తే మంచి బూట్లు కూడా జారతాయి.

బూట్ల విషయం ఇంకొక్క మాట. ఏళ్ళ తరబడి అలమరాలో ఉన్న పాత జతని నమ్మొద్దు. అడుగు లోపలి పాలీయురెథేన్ పొర తేమకి చివికిపోయి ఉంటుంది, పైకి బాగానే కనిపిస్తుంది, నడక మధ్యలో అడుగు ఊడొస్తుంది. ముందు రోజు రెండు చేతులతో వంచి చూడండి, చిట్లిన గీతలు కనిపిస్తే పక్కన పడేయండి. జీన్స్ వద్దు, తడిస్తే ఆరవు. రెయిన్ జాకెట్, ఒక ఫ్లీస్, ప్రతి ఒక్కరికీ విజిల్, హెడ్ టార్చ్. మ్యాప్ అయితే బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డినెన్స్ సర్వే వేసిన ఓఎల్2, అందులో 4 సెంటీమీటర్లంటే నేల మీద 1 కిలోమీటరు. ఫోన్‌లో మ్యాప్ ఉన్నా కాగితం తీసుకెళ్ళండి, చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది. తిండికి పులిహోర బాగుంటుంది, చల్లారినా తినొచ్చు. ఇస్తరాకులూ అవీ మాత్రం వెనక్కి తెచ్చేయాలి.

టైము లెక్క నెయిస్మిత్ సూత్రంతో వేద్దాం. గంటకి 5 కిలోమీటర్లు, ప్రతి 100 మీటర్ల ఎత్తుకి 10 నిమిషాలు కలపాలి. అంటే 3 గంటల 10 నిమిషాలు దాకా వస్తుంది. ఆరుగురు స్నేహితులు వెళ్తే ఈ లెక్క ఎప్పుడూ నిలవదు! ఫోటోలు, గేట్లు, భోజనం అన్నీ కలిపి ఐదున్నర గంటలు పెట్టుకోండి. డిసెంబరులో నాలుగు గంటలకల్లా పొద్దు కూకిపోతుంది, 9 గంటలకే నడక మొదలవ్వాలి.

[ఊళ్ళో వంతెన]

విజిటర్ సెంటర్ దగ్గర కారు పెట్టి, ఊళ్ళో వాగు దాటి, కుడికి తిరగండి. కాసేపు పెన్నైన్ వే అనే పొడవాటి కాలిబాట మీద దక్షిణానికి, ఆ తర్వాత బోర్డు చూసుకుని ఎడమకి. వరసలో అందరికన్నా నెమ్మదిగా నడిచేవాళ్ళని ముందు పెట్టండి. చివర ఒక్కరిని ఖాయంగా ఉంచండి, గేటు మూయడం, తలకాయలు లెక్కపెట్టడం వాళ్ళ పని. దూడలతో ఉన్న ఆవుల మధ్య నుంచి వెళ్ళొద్దు, చుట్టూ తిరిగి వెళ్ళండి.

జానెట్స్ ఫాస్ చిన్న జలపాతం. నీటిలో కరిగిన సున్నం పేరుకుని నాచుతో కలిసి గోడలా కట్టింది, దాన్ని టూఫా అంటారు. పెళుసుగా ఉంటుంది, ఎక్కొద్దు. అక్కణ్ణుంచి రోడ్డెక్కి కుడికి, గోర్డేల్ వంతెన దాటాక ఎడమ గేటు.

ఇప్పుడు అసలు చోటు. రెండువైపులా 100 మీటర్ల కొండగోడలు, మధ్యలో ఒకదాని మీద ఒకటి రెండు జలపాతాలు. కింది జలపాతం పక్కన రెండు నిలువుల ఎత్తుకు పైనే రాతిదిమ్మె, మన దారి దాని మీదుగానే. ఎక్కేముందు ఆగి నీళ్ళు చూడండి. పట్టు దొరికే రాళ్ళు పొడిగా ఉన్నాయా, వాటి మీంచి నీళ్ళు పారుతున్నాయా? పారుతుంటే వెనక్కే. నిన్న రాత్రి గట్టిగా వాన పడి, ఇవాళ ఎండ కాసినా ఇదే మాట.

పొడిగా ఉంటే ఒక్కొక్కరే ఎక్కాలి. నడక కర్రలుంటే మడిచి బ్యాగులో పెట్టి, రెండు చేతులు, రెండు కాళ్ళలో ఎప్పుడూ మూడు రాయి మీదే ఉండాలి. బరువు కాళ్ళ మీద వేయండి, చేతులు నిలకడ కోసమే. ఎక్కేవాళ్ళ కింద ఎవరూ నిలబడొద్దు. పైన ఎడమవైపు వదులు రాళ్ళ వాలు, అక్కడ కాలు జాగ్రత్తగా వేయకపోతే రాళ్ళు కిందివాళ్ళ మీదికి దొర్లుతాయి. ఒక్కరు భయపడినా అందరూ తిరిగి రండి. గోర్డేల్ వంతెన దగ్గర్నుంచి పొలాల మీదుగా నేరుగా కోవ్ పైకి దారుంది. టార్న్ తగ్గించుకుంటే మొత్తం 8 కిలోమీటర్లలో అయిపోతుంది, నష్టం ఏమీ లేదు.

పైకెక్కినవాళ్ళకి స్ట్రీట్ గేట్ అనే చోటు దాకా గడ్డిమైదానం, మబ్బు దిగితే మ్యాప్ అవసరం ఇక్కడే పడుతుంది. ఎడమకి తిరిగితే టార్న్, 377 మీటర్ల ఎత్తులో చెరువు. అడుగున నీరు ఇంకని పలకరాయి ఉండబట్టి నీళ్ళు నిలిచాయి. బయటికొచ్చిన వాగు కొద్ది దూరం పారి సున్నపురాయి తగలగానే రాళ్ళలోకి మాయమవుతుంది, ఆ చోటే వాటర్ సింక్స్. ఈ నీరే కోవ్ అడుగున బయటికొస్తుందని చాలామంది అనుకుంటారు. రంగు కలిపి పరీక్షించి చూస్తే ఇది ఊరికి దక్షిణాన ఎయిర్ హెడ్ ఊటల దగ్గర పైకొచ్చింది.

ఎండిన లోయలోకి దిగితే వాట్లోస్, దాని చివర కోవ్ పైభాగం. అక్కడ పరిచిన సున్నపురాయి బండలే లైమ్‌స్టోన్ పేవ్‌మెంట్. బండలు క్లింట్లు, మధ్య చీలికలు గ్రైకులు, కొన్ని నడుము లోతు. వాన పడుతుంటే, మంచు కప్పి ఉంటే దీని మీదికి వెళ్ళొద్దు. పొడిగా ఉంటే బండ నడిమధ్యన అడుగు వేయండి, అంచున కాదు. బరువు వేసేముందు కదులుతోందేమో కాలితో నొక్కి చూడండి, కొన్ని బండలు ఊగుతాయి. గెంతొద్దు. కర్ర ఇక్కడా బ్యాగులోనే, మొన గ్రైకులో ఇరుక్కుంటే మనిషి ముందుకి పడిపోతాడు. ఫోటో కావాలంటే నిలబడి తీసుకోండి, నడుస్తూ కాదు. చివర కంచె ఉండదు, కింద సుమారు 80 మీటర్ల కొండగోడ. 2015 డిసెంబరులో డెస్మండ్ తుఫాను వచ్చినప్పుడు ఈ అంచు మీంచి జలపాతం దూకింది, మామూలు రోజుల్లో చుక్క కూడా రాదు.

చీలమండ మెలిక పడేది ఎక్కువగా ఇక్కడే. నడవలేకపోతే బూటు విప్పొద్దు, వాపు పెరిగి మళ్ళీ పట్టదు. కింద ఏదన్నా వేసి కూర్చోబెట్టి, జాకెట్లు కప్పండి. 999కి ఫోన్ చేసి ముందు పోలీసు, తర్వాత మౌంటెన్ రెస్క్యూ అడగండి, గ్రిడ్ రిఫరెన్స్, అంటే మ్యాప్ గళ్ళ మీద మీరున్న చోటు చెప్పే అంకెలు, చెప్పండి. సిగ్నల్ లేకపోతే నిమిషంలో ఆరుసార్లు విజిల్ ఊది, ఒక నిమిషం ఆగి మళ్ళీ ఊదాలి.

దిగడానికి పడమటి పక్కన సుమారు 400 రాతిమెట్లు. అవీ అరిగినవే, కాబట్టి మోకాళ్ళు కొద్దిగా వంచి, పాదం పూర్తిగా ఆనించి దిగండి. కర్రలు ఇప్పుడు బయటికి తీయొచ్చు, మామూలు కన్నా కాస్త పొడవు పెంచుకోండి. కింద గోడ అంచున నిలబడొద్దు, పైన క్లైంబర్లు ఉంటారు, రాళ్ళు పడొచ్చు. అక్కణ్ణుంచి ఊరు కిలోమీటరు పైచిలుకు, చదును దారి. స్కిప్టన్ బస్సులో వచ్చినవాళ్ళు మాత్రం తిరుగు బస్సు టైము పొద్దున దిగినప్పుడే చూసి పెట్టుకోండి, రోజుకి కొన్నే ఉంటాయి.