హిస్టరీ తుడిచినా పోని కుకీలు

నమస్కారం. శ్రీకాకుళం జిల్లాలో ఉద్దానం అంటే కొబ్బరి తోటలు, జీడితోటలు గుర్తుకొస్తాయి. వెంటనే కిడ్నీ జబ్బూ గుర్తుకొస్తుంది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ఊళ్లలో, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో రక్తపరీక్షలో చెప్పే క్రియాటినిన్ అనే మాట బడికి వెళ్లని ముసలివాళ్లకు కూడా తెలుసు. ఈ రోజు క్రోమ్ లాంటి బ్రౌజర్‌లలో సైటులు పెట్టే కుకీల గురించి చెబుతానని ఇదెందుకు ఎత్తుకున్నానంటే, ఆ కుకీలు ఎంత బాధ పెట్టగలవో నేను చూసింది అక్కడే.

సోంపేట దగ్గర మా చిన్నాన్న ఇల్లు. వాళ్లను అడిగే ఈ సంగతి చెబుతున్నాను. చిన్నాన్నకు రక్తపరీక్షలో క్రియాటినిన్ ఎక్కువగా వచ్చింది. చెల్లెలు ఇంటర్ పరీక్షలకు చదువుకుంటోంది, అవి అయ్యేదాకా దానికి చెప్పవద్దని పెద్దవాళ్లు అనుకున్నారు. ఇంట్లో ఉన్నది ఒకటే ల్యాప్‌టాప్. తమ్ముడు రాత్రుళ్లు అందులోనే డయాలసిస్ గురించి, తినకూడని కూరల గురించి చదివేవాడు. పడుకునే ముందు హిస్టరీ తెరిచి ఒక్కో వరుసా తుడిచేసేవాడు. నాలుగో రోజు చెల్లెలు పాత ప్రశ్నపత్రాల కోసం ఒక సైటు తెరిచింది. పక్కనే డయాలసిస్ కేంద్రం ప్రకటన. ఇంకో సైటు తెరిస్తే అక్కడా అదే. "అన్నయ్యా, మనింట్లో ఎవరికి బాగోలేదు?" అని తమ్ముడిని అడిగింది. ఇంట్లో నలుగురూ దాచిన మాటను ఒక ప్రకటన చెప్పేసింది.

తమ్ముడిది తప్పు కాదు. హిస్టరీ అంటే మీరు ఎక్కడెక్కడికి వెళ్లారో మీ బ్రౌజర్ మీ కోసం రాసుకున్న చిట్టా. కుకీ అలాంటిది కాదు. అది అవతలి సైటు మీ కంప్యూటర్‌లో పెట్టి వెళ్లిన చీటీ. హిస్టరీలో వరుసలు చెరిపితే చిట్టా ఒక్కటే పోతుంది, చీటీ జేబులోనే ఉంటుంది.

అరసవల్లి గుడికి వెళ్లినప్పుడు చెప్పులు ఇచ్చి టోకెన్ తీసుకుంటాం కదా. కుకీ పుట్టింది అలాంటి అవసరం కోసమే. 1994లో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ తయారీ సంస్థలో లూ మాంటుల్లీ అనే ఇంజనీరు, ఇంతకుముందు వచ్చినది మీరేనని సైటు గుర్తుపట్టడానికి దీన్ని తయారుచేశారు. లాగిన్ నిలబడటం, కొనాలనుకున్న వస్తువులు బుట్టలో ఉండటం దాని వల్లే. కొన్ని కుకీలు బ్రౌజర్ మూయగానే పోతాయి. కొన్నింటికి గడువు తేదీ ఉంటుంది, ఆ తేదీ దాకా ఉండిపోతాయి. ఒకప్పుడు ఆ గడువును ఏళ్ల తరబడి పెట్టుకునేవారు. 2022 నుంచి క్రోమ్ 400 రోజులకు మించనివ్వడం లేదు. 400 రోజులు మాత్రం తక్కువా?

అసలు చిక్కు వేరే ఉంది. మీరు తెరిచిన పేజీలో ప్రకటన చూపించే సంస్థ మరొకటి. అది కూడా తన చీటీ పెడుతుంది. బజారులో ప్రతి దుకాణం మూలలోనూ ఒకే మనిషి కూర్చుని, మీ చేతిలో చీటీ నంబరు చూసి రాసుకుంటున్నట్టు ఊహించుకోండి. ఆరోగ్యం సైటులోనూ అతనే, ప్రశ్నపత్రాల సైటులోనూ అతనే. చెల్లెలికి ఆ ప్రకటన అలా వచ్చింది. అతనికి అన్న ఎవరో చెల్లెలు ఎవరో తెలియదు, చీటీ నంబరే తెలుసు.

కుకీ తుడిచినా మళ్లీ మొలుస్తుందని కొందరు అంటారు. నిజంగానే అలా జరిగేది. 2009లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ పని చేస్తున్న సైటులను బయటపెట్టారు. ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్ నిల్వలో అదే నంబరు దాచి, మీరు కుకీ తీసేయగానే అక్కడి నుంచి తెచ్చి మళ్లీ పెట్టేవారు. మరుసటి ఏడాది సామీ కామ్‌కర్ అనే ప్రోగ్రామర్ ఎవర్‌కుకీ రాసి చూపించారు. అది ఒకే నంబరును బ్రౌజర్‌లో అనేక చోట్ల దాస్తుంది. ఒక్క చోట మిగిలినా చాలు, మిగతావన్నీ తిరిగి వచ్చేస్తాయి. 2020 చివరితో ఫ్లాష్ కథ ముగిసింది. కానీ బ్రౌజర్‌లో సైటులు వాడుకునే లోకల్ స్టోరేజ్, బొమ్మలు దాచుకునే క్యాష్ ఇప్పటికీ ఉన్నాయి. అందుకే కుకీలు ఒక్కటే తుడిస్తే పని సగంలో ఆగినట్టు. సైటు డేటా, క్యాష్ కూడా అదే దెబ్బకు పోవాలి.

ఇక పని. ముందు తెరిచి ఉన్న ట్యాబులన్నీ మూసేయండి. సైటు తెరిచి ఉంటే మీరు తుడిచిన మరుక్షణం అది కొత్త చీటీ పెట్టగలదు. ఖాళీ ట్యాబ్ ఒకటి తెరిచి, కంట్రోల్, షిఫ్ట్, డిలీట్ మూడూ కలిపి నొక్కండి. విండోస్‌లో క్రోమ్ అయినా, ఎడ్జ్ అయినా, ఫైర్‌ఫాక్స్ అయినా ఇదే దారి. వచ్చిన పెట్టెలో ఎంత కాలానిది తుడవాలో అడుగుతుంది. ఎక్కువమంది పొరపాటు ఇక్కడే. అది తనంతట తాను కొద్దిసేపటిదే చూపిస్తుంది, దాన్ని మార్చి మొదటి నుంచి ఉన్నదంతా ఎంచుకోండి. కుకీలు, సైటు డేటా, క్యాష్ గడుల్లో టిక్ పెట్టండి. పాస్‌వర్డ్‌ల గడి కనిపిస్తే దాన్ని ముట్టుకోవద్దు. తుడిచాక సైటులన్నీ మళ్లీ లాగిన్ అడుగుతాయి, బ్యాంకు మళ్లీ ఓటీపీ పంపవచ్చు. కంగారు పడకండి, పని జరిగిందనడానికి గుర్తు అదే.

ఇంతటితో ఆగితే వారంలో మళ్లీ చేరతాయి. ప్రతి దుకాణంలోనూ కూర్చున్న ఆ మూడో మనిషి పెట్టే చీటీలను థర్డ్ పార్టీ కుకీలు అంటారు. ఆపిల్ వారి బ్రౌజర్ సఫారీ 2020 నుంచి వాటిని పూర్తిగా ఆపేసింది. ఫైర్‌ఫాక్స్ 2022 నుంచి ఏ సైటులో పెట్టిన చీటీలను ఆ సైటు డబ్బాలోనే ఉంచుతోంది, ఒక డబ్బాలోది ఇంకో చోట కనిపించదు. గూగుల్ కూడా క్రోమ్‌లో వాటిని తీసేస్తానని 2020లో ప్రకటించి, 2024లో ఆ మాట వెనక్కి తీసుకుంది. ప్రకటనల మీద బతికే సంస్థ నుంచి అంతకంటే నేను ఆశించలేదు. కాబట్టి క్రోమ్ వాడేవారు సెట్టింగ్స్‌లో గోప్యత విభాగానికి వెళ్లి థర్డ్ పార్టీ కుకీలను తామే ఆపుకోవాలి. అదే చోట నోటిఫికేషన్లకు అనుమతి ఉన్న సైటులను కూడా చూడండి, తెలియనివన్నీ తీసేయండి. బ్రౌజర్‌కు అదనంగా తగిలించే ఎక్స్‌టెన్షన్లలో ఎవరు పెట్టారో గుర్తులేనివాటినీ ఉంచవద్దు.

ఒక హద్దు చెప్పాలి. మీరు గూగుల్ ఖాతాలో ఉండి వెతికితే ఆ వెతుకులాట ఖాతాలోనే నిలిచిపోవచ్చు. కుకీ తుడిచినంత మాత్రాన అది పోదు, ఖాతాలోకి వెళ్లి విడిగా తొలగించాలి.

చిన్నాన్న ఇంట్లో ఇవన్నీ చేశాక, ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లో ముగ్గురికీ విడివిడిగా మూడు ప్రొఫైళ్లు పెట్టాను. ఒకరి కుకీలు ఒకరికి కలవవు. జబ్బుల గురించి వెతికేటప్పుడు ప్రైవేటు కిటికీ (క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటో అంటారు) తెరవమని, చదవడం అయ్యాక దాన్ని మూసేయమని తమ్ముడికి చూపించాను. అప్పటికి చెల్లెలికి అంతా చెప్పేశారు. నా పక్కనే కూర్చుని ఆ ప్రశ్నపత్రాల సైటు మళ్లీ తెరిచింది. ప్రకటన ఉండే చోట ఈసారి ట్రాక్టరు బొమ్మ వచ్చింది.