ఎడమ కన్ను లెక్క

అధ్యక్షుల వారికి, వేదిక మీదున్న పెద్దలకు, ఎండ ముదరకముందే వచ్చి చీటీలు పట్టుకుని కూర్చున్న మీ అందరికీ నమస్కారం. ఉచిత కంటి శిబిరం కదా, నేత్రదానం గురించి పది నిమిషాలు మాట్లాడమని నన్ను పిలిచారు. నేత్రదానం మంచిది, చెయ్యండి. కాగితాలు గుమ్మం దగ్గరున్నాయి. సంతకం పెట్టాక ఇంట్లో వాళ్ళకు కూడా చెప్పండి, మనం పోయాక వెంటనే నేత్ర బ్యాంకుకు ఫోన్ చెయ్యాల్సింది వాళ్ళే. అయిపోయింది. మిగిలిన తొమ్మిది నిమిషాలూ నా ఎడమ కన్ను గురించి మాట్లాడతాను.

ఇక్కడ సగం మందికి నేను తెలుసు. మన గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్లో 34 ఏళ్ళు గుమాస్తాగా చేశాను. యార్డులో కన్ను చెమర్చని వాడు లేడు. కొత్తవాళ్ళయితే గేటు దాటగానే తుమ్ములు, దగ్గు, ముక్కుకు కండువా. మాకు అలవాటైపోతుంది. నాకూ అలవాటైపోయింది, ఎడమ కంటికి తప్ప.

కాస్త వెనక్కి వెళ్ళాలి. మెడ మీద చిన్న గడ్డ వచ్చింది. పరీక్ష చేస్తే థైరాయిడ్ క్యాన్సర్ అన్నారు. ఆపరేషన్ చేసి గ్రంథి తీసేశారు. ఏమైనా మిగిలి ఉంటే దాన్ని కూడా కాల్చెయ్యడానికి రేడియో అయోడిన్, అంటే రేడియేషన్ వెదజల్లే అయోడిన్ మందు, ఇవ్వాలని హైదరాబాద్ పంపించారు. ముందు రెండు వారాలు అయోడిన్ లేని తిండి. పాలు వద్దు, గుడ్లు వద్దు, చేపలు వద్దు, అయోడిన్ ఉప్పు వేసినదేదీ వద్దు. అంటే పచ్చడి వద్దు! గుంటూరు వాణ్ణి, ఆవకాయ లేకుండా రెండు వారాలు. క్యాన్సర్ కన్నా అదే ఎక్కువ బాధ అనిపించింది, నవ్వకండి.

తర్వాత సీసం తలుపు ఉన్న గదిలో ఒక్కణ్ణే పెట్టారు. 150 మిల్లీక్యూరీల మందు. మింగాక రోజూ ఒకాయన తలుపు దగ్గర నిలబడి మీటరు పట్టుకుని చూసేవాడు. ఈ అయోడిన్ 131 అనేది ఎనిమిది రోజులకు సగమవుతుంది, మరో ఎనిమిది రోజులకు అందులో సగం. చక్రవడ్డీని తిరగేసినట్టు. అది కాక చాలావరకు ఒంటేలులో బయటికి పోతుంది. అందుకే నీళ్ళు బాగా తాగమన్నారు, బాత్రూంలో రెండుసార్లు ఫ్లష్ చెయ్యమన్నారు, ఇంటికెళ్ళాక మనవరాల్ని కొన్నాళ్ళు దగ్గరికి తియ్యొద్దన్నారు. లాలాజల గ్రంథులు వాస్తాయి, పుల్లటి బిళ్ళలు చప్పరించమన్నారు. అన్నీ చెప్పారు. కన్ను అన్న మాట మాత్రం ఎవరి నోటా రాలేదు.

ఒక్క మాట ఇక్కడే చెప్పేస్తాను, మళ్ళీ ఇంటికెళ్ళి ‘ఆయన అయోడిన్ వద్దన్నాడు’ అనకండి. ఆ మందు నన్ను బతికించింది. 1941లో బోస్టన్‌లో సాల్ హెర్ట్జ్ అనే డాక్టరు థైరాయిడ్ రోగికి మొదటిసారి రేడియో అయోడిన్ ఇచ్చారు. అప్పట్నుంచి ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో ఆ మందు. డాక్టరు తీసుకోమంటే తీసుకోండి. నా గొడవ అది కాదు.

ఏడు నెలల తర్వాత ఎడమ కన్ను కారడం మొదలైంది. మంటా లేదు, ఎరుపూ లేదు. ఊరికే నిండి, చెంప మీదుగా కారి, చొక్కా కాలరు తడిసేది. ‘మిర్చి ఘాటు’ అన్నారు కొట్లో. ‘మిర్చి ఘాటు’ అన్నాడు మొదటి డాక్టరు, డ్రాప్స్ రాశాడు. రెండో ఆయన అలర్జీ అన్నాడు, ఇంకో రకం డ్రాప్స్. మూడో ఆయన వయసు అన్నాడు. యార్డుకు వేసవి సెలవులు వచ్చాయి. నెల రోజులు మిరపకాయ మొహం చూడలేదు. కన్ను మాత్రం కారుతూనే ఉంది. అప్పుడైనా నాకు వెలగాలా, వద్దా? ఘాటైతే రెండు కళ్ళకూ ఉండాలి కదా! రూపాయి తేడా వస్తే రాత్రంతా కూర్చుని చిట్టా వెతికే వాణ్ణి, కుడి ఎడమల తేడా 14 నెలలు పట్టించుకోలేదు.

ఈ మధ్యలోనే ఆ రైతు సంగతి. ఇది చెప్పకుండా దిగితే మా ఆవిడ ఊరుకోదు. ఆ ఏడు తేజ రకం మిర్చి రేటు పడిపోయింది. ప్రత్తిపాడు వైపు నుంచి ఒక పెద్దాయన 40 టిక్కీలు, అంటే 40 బస్తాలు, తెచ్చాడు. వేలం అయ్యాక తక్‌పట్టీ, అంటే రైతుకిచ్చే అమ్మకం చీటీ, రాస్తూ రేటు చదివాను. ఆయన గుండె చేత్తో పట్టుకుని నా మొహంలోకి చూశాడు. సరిగ్గా అప్పుడే నా ఎడమ కన్ను నిండి టపటపా కాగితం మీద రాలింది. అంకెలు అలుక్కుపోయాయి. ఆయన లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. ‘ఊరుకోండి గుమాస్తా గారూ, ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు. మీరింత బాధపడితే ఎట్టా?’ అన్నాడు. నష్టపోయింది ఆయన! నన్ను ఓదారుస్తున్నాడు! కన్ను జబ్బండీ అని చెప్పబోయాను, షావుకారు బల్ల కింద నుంచి కాలు తొక్కాడు. ఆ పెద్దాయన ఊరెళ్ళి ఏం చెప్పాడో కానీ, మరుసటి వారం ఆ ఊరి సరుకంతా మా కొట్టుకే వచ్చింది. రైతు కోసం ఏడ్చే గుమాస్తా ఉన్నాడని.

సరే. చివరికి నా జబ్బు కనిపెట్టింది డాక్టరు కాదు, ఒక సిస్టర్. కుడి కంటికి శుక్లం వచ్చి ఆపరేషన్‌కి వెళ్ళాను. దానికి ముందు కన్నీటి నాళం పరీక్ష చేస్తారు, ఇవాళ మీలో కొందరికి చేస్తారు, భయపడకండి. ఒక్కసారి పక్కవాళ్ళ కింది రెప్ప కొంచెం కిందికి లాగి చూడండి. ముక్కు వైపు చివర సూదిమొనంత రంధ్రం కనిపిస్తుందా? చూడండి, పర్వాలేదు, అమ్మా, మీ ఆయనదే చూడండి. కన్నీళ్ళు అందులోంచి సంచిలోకి, సంచిలోంచి నాళం గుండా ముక్కులోకి దిగుతాయి. ఏడిస్తే ముక్కు కారేది అందుకే. కంట్లో చుక్కలు వేస్తే కాసేపటికి గొంతు చేదెక్కేదీ అందుకే. ఆ రంధ్రంలోంచి సన్నటి సూదితో ఉప్పు నీళ్ళు పంపుతారు. కుడివైపు పంపి, ‘గొంతులో ఉప్పగా తగిలిందా బాబాయ్ గారూ?’ అంది. తగిలింది. ఎడమవైపు కారుతోందన్నానని అక్కడా పంపింది. గొంతులోకి చుక్క రాలేదు. నీళ్ళన్నీ తిరిగి నా మొహం మీదికే వచ్చాయి. ఆ అమ్మాయి ఆగి, నా మెడ మీది గీత చూసి, ‘థైరాయిడ్ ఆపరేషనా? తర్వాత అయోడిన్ తాగారా?’ అని అడిగింది.

ఆ ఒక్క ప్రశ్న. 14 నెలల్లో ఎవరూ అడగలేదు. నా తప్పు కూడా ఉంది. ప్రతి చోటా ‘షుగరు లేదు, బీపీ ఉంది, మెడ ఆపరేషన్ అయింది’ అని చెప్పాను కానీ అయోడిన్ సంగతి చెప్పలేదు. మెడకీ కంటికీ ఏం సంబంధం అనుకున్నాను.

సంబంధం ఉంది. థైరాయిడ్ కణాలకు అయోడిన్‌ని లోపలికి లాక్కునే ఒక గేటు ఉంటుంది. అదే గేటు కన్నీటి సంచి, నాళం లోపలి పొరలో కూడా ఉంది. మనం తాగిన మందు కొంత కన్నీళ్ళలోకి కూడా వస్తుంది, ఆ పొర దాన్ని లాక్కుంటుంది. లోపల వాచి, తర్వాత మచ్చ కట్టి, నాళం మూసుకుపోతుంది. అందుకే వెంటనే తెలియదు, నెలలు పడుతుంది. అందరికీ రాదు, కొద్దిమందికే. డోసు పెరిగినకొద్దీ, మళ్ళీ మళ్ళీ తీసుకున్నకొద్దీ అవకాశం పెరుగుతుంది. 2002లోనే అమెరికా డాక్టర్లు వైద్య పత్రికలో దీని మీద రాశారట, మా అబ్బాయి తీసి చూపించాడు. నా కన్ను కారింది ఆ తర్వాత ఎన్నో ఏళ్ళకు. ఇది కొత్త సంగతి కాదండీ!

కన్ను కారే ప్రతి వాళ్ళకీ ఇదేనని కాదు. కన్ను పొడిబారినా కారుతుంది, విచిత్రం. అది డాక్టర్లు చూసుకుంటారు. కానీ నాళం మూసుకున్న వాళ్ళకు చుక్కల మందు ఎన్ని సీసాలు పోసినా దండగే. కాలవకి అడ్డం పడితే పైన మందు చల్లి ఏం లాభం? పైగా నిలవ నీరు కుళ్ళి కన్ను మూల వాచి చీము పట్టొచ్చు. ఆ స్థితిలో శుక్లం ఆపరేషన్ చేస్తే ఇన్ఫెక్షన్ కంటి లోపలికి పోయే ప్రమాదం ఉంది.

నాకు డీసీఆర్ అనే ఆపరేషన్ చేశారు. ముక్కులోంచే పైకి వెళ్ళి, చిన్న ఎముక ముక్క తీసి, సంచి నుంచి ముక్కులోకి కొత్త దారి వేశారు. కొన్నాళ్ళు సన్నటి సిలికాన్ గొట్టం ఉంచారు. ముక్కు గట్టిగా చీదొద్దన్నారు. మిర్చి యార్డులో పని చేసే వాడికి చెప్పాల్సిన మాటేనా? నెల సెలవు పెట్టాను.

కన్ను కారడం ఆగిపోయింది. మరుసటి ఏడు ఆ ప్రత్తిపాడు పెద్దాయన మళ్ళీ వచ్చాడు. మళ్ళీ రేటు లేదు. తక్‌పట్టీ చేతికిస్తే అది చూడకుండా నా మొహం చూశాడు, చాలాసేపు. ‘మీరూ మారిపోయారు గుమాస్తా గారూ’ అని వెళ్ళిపోయాడు.

అధ్యక్షుల వారు వాచీ చూస్తున్నారు, ముగిస్తున్నాను. మీ చేతుల్లో ఉన్న చీటీలో షుగరు ఉందా, బీపీ ఉందా, పాత ఆపరేషన్లేమిటి అని మూడు ప్రశ్నలే అచ్చు వేశారు. ‘థైరాయిడ్‌కి అయోడిన్ మందు తాగారా, ఎప్పుడు?’ అని నాలుగోది వెయ్యమని నెల కిందటే అడిగాను. అప్పటికే అచ్చయిపోయాయన్నారు. అందుకని నిన్న రాత్రి కూర్చుని 200 చీటీల మీద ఎర్ర సిరాతో నేనే రాశాను. ఈ సంగతి సంఘం వాళ్ళకు ఇప్పుడే చెబుతున్నాను. ఎర్ర లైను లేని చీటీ వచ్చిన వాళ్ళు ఇటు రండి, పెన్ను నా జేబులోనే ఉంది.